పై అంతస్తు తలుపు

ఇటలీలో ఉంటే చాలు, ఇటాలియన్ దానంతట అదే వచ్చేస్తుందని నమ్మాను. ఆ నమ్మకంతోనే పీజీ మొదటి ఏడాదంతా తగలేశాను. పెరూజాలోని విదేశీయుల విశ్వవిద్యాలయంలో సీటు రావడంతోనే సగం చదువు అయిపోయినంత సంబరపడ్డాను. 1921 నుంచి పరదేశులకు పాఠాలు చెబుతున్న సంస్థ అది. దాని గాలెంగా భవనం నుంచి బయటికొస్తే ఎదురుగా రెండు వేల ఏళ్లు దాటిన ఎట్రుస్కన్ ద్వారం. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఉచ్చారణ దగ్గరే నేను మోసపోయాను. తెలుగువాడికి ఇటాలియన్ పలకడం కష్టం కాదు. అచ్చుతో ముగిసే మాటలు మనకు కొత్త కావు, ద్విత్వాలూ అలవాటే. వేరే దేశాలవాళ్లు తడబడే చోట నేను గడగడా చదివేవాణ్ణి, టీచర్లు మెచ్చుకునేవారు. మన భాషను 'తూర్పు దేశపు ఇటాలియన్' అని 15వ శతాబ్దపు యాత్రికుడు నికోలో దె కోంతి అన్నాడని చిన్నప్పటి నుంచి వింటున్నాం కదా, ఆ పొగడ్త నాకోసమే అన్నట్టు తీసుకున్నాను. నోరు తిరిగితే భాష వచ్చినట్టే అనుకున్నాను.

ఉండేదేమో ఇంగ్లిష్‌లో ఎమ్మెస్ చేస్తున్న మన కుర్రాళ్లతో. పొద్దున లేస్తే తెలుగు, రాత్రి పప్పుచారు దగ్గర తెలుగు. రెసిడెన్స్ పర్మిట్ కోసం పోస్టాఫీసుకు వెళ్లాల్సి వస్తే, అది కూడా ఒక సీనియర్ అన్న పక్కనుండి చేయించేశాడు. వాళ్లు నన్ను సొంత తమ్ముడిలా చూసుకున్నారు, తప్పు వాళ్లది కాదు. పై అంతస్తులో ఒంటరిగా ఒక పెద్దావిడ ఉండేవారు. మెట్ల మీద కనపడితే ఆగి ఏదో అడిగేవారు. సగమే అర్థమయ్యేది. నవ్వేసి దిగిపోయేవాణ్ణి. వ్యాకరణం పూర్తిగా పట్టుబడ్డాక తప్పుల్లేకుండా మాట్లాడదామని నా ఆలోచన.

అక్కడ పరీక్షలు చాలావరకు నోటితోనే. ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుంటాం, వెనక తక్కినవాళ్లు వింటూ ఉంటారు. 30కి మార్కులు, 18 వస్తే పాస్. నాకు నవలాకారుడు మాంజోనీ మీద ప్రశ్న వచ్చింది. ఆయన మిలాన్ మనిషి. 1827లో 'ఇ ప్రొమెస్సి స్పోజి' నవల పూర్తిగా అచ్చయినా అందులోని భాష ఆయనకు తృప్తినివ్వలేదు. ఫ్లారెన్స్‌లో జనం నిజంగా ఎలా మాట్లాడతారో వినడానికి ఆ ఏడాదే అక్కడికి వెళ్లాడు. తర్వాత ఎమీలియా లూతి అనే ఫ్లారెన్స్ ఆవిడను అడిగి అడిగి మాటలు దిద్దుకున్నాడు. నవలంతా తిరగరాసి 1840-42 మధ్య మళ్లీ అచ్చు వేయించాడు. ఇదంతా ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పాను.

ప్రొఫెసర్ చివరిదాకా విని, "మరి ఇక్కడ మీరు ఎవరిని అడుగుతారు?" అన్నారు.

ప్రశ్న అర్థమైంది. పేరు చెప్పడానికి నాకు ఎవరూ లేరు. కంఠస్థం చేయని మొదటి వాక్యం ఏదో మొదలుపెట్టి, క్రియ దగ్గర ఆగిపోయాను. 22 ఇస్తానన్నారు. వద్దనుకుంటే తర్వాతి విడతలో మళ్లీ హాజరు కావచ్చు, ఒప్పుకుంటే ఇక ఆ మార్కు మారదు. ఆ కుర్చీలో మళ్లీ కూర్చోవాలన్న భయానికి తలూపేశాను. జవాబు రాకపోవడం కన్నా అలా తలూపినందుకే నాకు ఇప్పటికీ బాధ. డిగ్రీ చివర 110కి కట్టే లెక్కలో ఆ 22 అలాగే ఉండిపోయింది.

ఆ వారమే పై అంతస్తు తలుపు తట్టాను. "మీరు అడిగేది నాకు అర్థమయ్యేది కాదు. అందుకే నవ్వేవాణ్ణి. మళ్లీ అడగండి" అన్నాను. అందులోనూ తప్పులున్నాయి. ఆవిడ అవి అక్కడికక్కడే సరిచేసి, వంటింట్లోకి రమ్మని చిక్కుడుకాయలు నా ముందు పోశారు. ఒలుస్తూ మాట్లాడుకోవడం మా ఇద్దరికీ అలవాటైపోయింది. క్లాసులో పట్టిక వేసుకుని ఎంత బట్టీ పట్టినా నిలవని సబ్జంక్టివ్ క్రియారూపం, కొడుకు ఆదివారం వస్తాడేమోనని ఆవిడ పదే పదే అనుకుంటుంటే చెవిలో పడిపోయింది. వాడుక కోసం మాంజోనీ అంత దూరం ఎందుకు వెళ్లాడో ఆ వంటింట్లోనే నాకు తెలిసింది.

థీసిస్ మొదటి అధ్యాయాన్ని గైడ్‌కు ఇవ్వకముందే ఆవిడకు చదివి వినిపించాను. రెండో పేజీలోనే చెయ్యెత్తి ఆపి, "ఇలా ఎవరు మాట్లాడతారు నాయనా?" అన్నారు. ఆ పేజీ మొత్తం తిరగరాశాను.