దొంగచాటు చదువులు

ఈ మధ్య ఎవరింటికెళ్లినా ఒకటే పాట. "మావాడికి చదివే అలవాటు చేద్దామనుకుంటున్నాం బాబాయిగారూ, మంచి పుస్తకాలేవైనా చెప్పండి" అంటారు. నేను నోరు తెరిచేలోపే ఆ పిల్లాడి తల్లి ఫోనులోంచి ఒక పట్టిక తీస్తుంది. అయిదు నుంచి ఏడేళ్ల వాళ్లకి ఇవి, ఏడు దాటితే అవి. రోజూ రాత్రి పడుకోబోయే ముందు ఇరవై నిమిషాలు. చదివినట్టు రుజువుగా స్కూలు వాళ్లిచ్చిన డైరీలో పేజీల లెక్క రాసి, కింద తల్లి సంతకం పెట్టాలిట. కథల పుస్తకం చదివినందుకు తల్లి సంతకం! మా రోజుల్లో కథల పుస్తకం చదువుతూ దొరికితే అమ్మ పెట్టేది సంతకం కాదు, వాత.

పిల్లలు చదవడం లేదని అందరూ గుండెలు బాదుకుంటున్నారు. ఎందుకు చదువుతారండీ? హోంవర్కులో కలిపేశాక, తల నిమిరి, బుజ్జగించి, చదివినందుకు చాక్లెట్ ఇచ్చాక, ఇక అందులో పిల్లాడి సొంతమంటూ ఏం మిగిలింది? మేం చదివింది పెద్దలు వద్దన్నందుకు. వాళ్లు కావాలని చదివించినవి పాఠ్యపుస్తకాలు. అవి ఒక్కటీ గుర్తులేవు.

మాది తెనాలి పక్క పల్లెటూరు. మా ఇంట్లో చదువంటే ఎక్కాలు, వ్యాకరణం, ఇంగ్లీషు స్పెల్లింగులు. మిగతావన్నీ మా నాన్న దృష్టిలో పొట్లాలు కట్టుకునే కాయితాలు. ఒక్క చందమామకి మాత్రం మినహాయింపు. అదీ మా మీద ప్రేమతో కాదు, ఆయనకే కావాలి కాబట్టి. నెల పుస్తకం వచ్చిందంటే ముందు నాన్న, తర్వాత బాబాయి, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక అమ్మ, ఆపైన అక్క. నా దగ్గరికొచ్చేసరికి అట్టమీద వడ్డాది పాపయ్య గారి బొమ్మ నాలుగు మడతలు పడి ఉండేది. ఆ వరస తప్పించి ముందే చదవాలంటే దొంగతనమొక్కటే దారి. నాన్న నూతి దగ్గర స్నానం చేసొచ్చే ఆ కాసేపట్లో సీరియల్ భాగం ముగించేయాలి. చెవులు చెంబు చప్పుడు మీద, కళ్లు అక్షరాల మీద. అంత వేగంగా, అంత ఒళ్లు మరిచి ఈ జన్మలో మళ్లీ ఏదీ చదవలేదు.

చందమామ మాటొస్తే మా తెనాలి వాళ్లకి కాస్త గీర ఎక్కువే, ఏమీ అనుకోకండి. 1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి గారితో కలిసి దాన్ని మొదలెట్టిన చక్రపాణి గారు మా తెనాలి మనిషి. 1952 నుంచి 1980లో పోయేదాకా దాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారు తెనాలిలో పుట్టినవారు. తోకచుక్క దగ్గర్నుంచి ఏళ్ల తరబడి సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారిదీ మా గుంటూరు జిల్లాయే. అయితే ఇదంతా పెద్దయ్యాక తెలిసిన సంగతి. అప్పట్లో సీరియల్ కింద రాసినాయన పేరే ఉండేది కాదు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి అడవుల్లో పడి పోతుంటే మేమూ వాళ్ల వెనకే పోయాం గానీ, ఇది రాసిందెవరని ఒక్కడూ అడగలేదు. ఇప్పుడు పిల్లల పుస్తకం ఒకటి తిరగేయండి. వెనకట్ట నిండా రచయిత ఫొటో, ఆయనకొచ్చిన బహుమతులు, ఆయన పెంపుడు పిల్లి పేరు. లోపల కథ పేజీకి రెండు వాక్యాలు.

పైగా చివర నీతి ఒకటి. డబ్బా కట్టి, రంగు వేసి, "ఈ కథవల్ల మనం నేర్చుకున్నదేమిటి" అని. మేం నేర్చుకోడానికి చదివామా? బేతాళ కథలే చూడండి. పాత గ్రంథాల్లో ఉన్నవి పాతికే. చందమామ వాళ్లు ఆ పాతికా అయిపోయాక ఆపలేదు, అదే చెట్టు, అదే శవం, అదే రాజు, మధ్యలో కథ మాత్రం కొత్తది పెట్టి వందల కొద్దీ నడిపారు. బేతాళుడు నీతి చెప్పడు. చిక్కుముడి వేసి ప్రశ్న అడుగుతాడు, తెలిసి చెప్పకపోయావో తల పగులుతుందంటాడు. అక్కడికి రాగానే మా అక్క, విక్రమార్కుడి జవాబు మీద అరచేయి పెట్టి మూసేసేది. "ముందు నువ్వు చెప్పు" అనేది. ముగ్గురు త్యాగమూర్తుల్లో ఎవరు గొప్ప, దొంగా, రాజా, భర్తా? నేనొకటి, అదొకటి, పక్కింటి సుబ్బులొకటి. అన్నం చల్లారిపోయేది. చెయ్యి తీసి చూస్తే రాజు మా ముగ్గురూ అనుకోనిది చెప్పేవాడు, ఒక్కోసారి ఆ జవాబు మాకు నచ్చేదీ కాదు. రాజుగారు తప్పు చెప్పారని వాదించేవాళ్లం. ఇప్పటి ఏ నీతికథ మీద ఏ పిల్లాడైనా వాదన పెట్టుకోగలడా, పెట్టుకోనిస్తారా?

ఆ రాజుని, భుజం మీద శవాన్ని, చేతిలో కత్తిని గీసిన శంకర్ గారు 2020లో పోయారు. పద్మశ్రీ మరుసటేడు ప్రకటించారు. ఏం చెప్పమంటారు.

సరే, చందమామ చట్టబద్ధం. అసలు చదువు చట్టానికి అవతల సాగింది.

తెనాలిలో రైలుస్టేషన్ దగ్గర ఒక సందులో అద్దె పుస్తకాల కొట్టుండేది. కొట్టంటే కొట్టు కాదు, రెండు గోడల మధ్య ఒక బల్ల, వెనక అటకదాకా పేర్చిన పుస్తకాలు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలకి అక్కడ ఎప్పుడూ గిరాకీయే. కొట్టాయన ప్రతి పుస్తకానికీ అసలు అట్ట పీకేసి, గోధుమరంగు దళసరి అట్ట వేసి, మూడు చోట్ల దబ్బనంతో పొడిచి పురికొసతో కుట్టేవాడు. ఆ కుట్టు ఎంత లోపలికి పడేదంటే ప్రతి వరసలో మొదటి అక్షరం రెండో అక్షరం దారం కిందకి పోయేవి. పుస్తకాన్ని రెండు చేతులా లాగిపట్టుకుని, లోపలికి తొంగిచూస్తూ చదవాలి. పేజీల అంచులు చేతి నూనెకి నల్లబడి అట్లకాడలా ఉండేవి. అన్నిటికన్నా పెద్ద గండం మాకంటే ముందు చదివిన మహానుభావులు. పదిహేనో పేజీలో ఒక పాత్ర అమాయకంగా కాఫీ తాగుతుంటుంది, ఆ పేరు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి పక్కన "హంతకుడు వీడే" అని బాణం గుర్తు. ఆ రాసినవాడు దొరికితే హత్య అక్కడే జరిగేది. కొన్నాళ్లకి కింద ఇంకొకడు "కాదు, అబద్ధం" అని రాసేవాడు. అప్పుడు ఎవడిని నమ్మాలో తేల్చుకోడానికి పుస్తకమంతా చదవక తప్పేది కాదు.

ఆఖరి పేజీలు ఊడిపోయిన పుస్తకాలకి అద్దె సగం. మా బోటి వాళ్లం అవే తెచ్చుకునేవాళ్లం. పాకెట్ సైజు నవల సాంఘికశాస్త్రం పుస్తకంలో సరిగ్గా ఇమిడిపోయేది, అశోకుడి శాసనాల మీద యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు. చదివేశాక కాలవగట్టు మీద కూచుని ముగింపు మేమే కట్టేవాళ్లం. నా ముగింపులో ఎప్పుడూ లెక్కల మాస్టారే దొరికిపోయేవాడు.

ఇంకో రకం దొంగచదువు రష్యా పుస్తకాలు. విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను ఎప్పుడైనా మా వైపు వస్తే, జామకాయలకిచ్చిన చిల్లర అంతా అక్కడికే. మా నాన్న పక్కా కాంగ్రెస్ మనిషి. ఆ వ్యాను కనబడితే "పిల్లల్ని చెడగొట్టడానికి మాస్కో నుంచి వచ్చారు" అనేవారు. ఇంకేం కావాలి! రాస్కిన్ రాసిన నాన్న చిన్నతనం బియ్యం డ్రమ్ము వెనక దాచుకుని చదివాను. అందులో నాన్న పిల్లాడిగా ఉన్నప్పుడు ఆడుకునే బంతిని కారు కిందకి విసిరేస్తాడు. నాన్నలు కూడా ఒకప్పుడు తిన్నగా ఉన్నవాళ్లు కారని ఒక పుస్తకం నాతో చెప్పడం అదే మొదటిసారి. మా నాన్నని ఆ తర్వాత కొన్నాళ్లు వేరే చూపు చూశాను. నొప్పి డాక్టరు అని ఇంకోటి, చుకోవ్‌స్కీది, జంతువులకి వైద్యం చేసే ముసలాయన. రోహిణికార్తె ఎండల్లో తడిగుడ్డ నెత్తిన వేసుకుని అరుగు మీద కూచుని, మంచులో బండ్ల మీద పోయే వాళ్ల కథలు చదివేవాళ్లం. సమోవారు అంటే ఏమిటో మా ఊళ్లో ఎవరికీ తెలీదు. తెలియకపోయినా కథ ఆగలేదు. ఇప్పుడైతే కింద బొమ్మ వేసి, అర్థం రాసి, దాని మీద మూడు ప్రశ్నలు కూడా ఇస్తారు.

ఆ పుస్తకాల చివరి పేజీలో చిన్న అక్షరాల్లో రష్యన్ భాషలో ఏదో అచ్చయి ఉండేది, ధర కోపెక్కుల్లో. ఇంగ్లీషు ఆర్‌ని తిరగేసినట్టుండే అక్షరం ఒకటి మాకు మహా ఇష్టం. ఆ అక్షరాలతో మా రహస్య లిపి తయారుచేసుకున్నాం. ఉప్పల లక్ష్మణరావు గారు, ఆర్వియార్ అని సంతకం పెట్టే రాళ్లభండి వెంకటేశ్వరరావు గారు మాస్కోలోనే కాపురముండి ఇవన్నీ తెలుగు చేశారని తర్వాత తెలిసింది. మంచు కురిసే ఊళ్లో కూచుని తెలుగు పిల్లల కోసం రాసిన తెలుగు, ఎక్కడా ఉప్పు తగ్గలేదు. 1991లో ఆ దేశమే లేకుండా పోయాక ఆ పుస్తకాలూ ఆగాయి. పోయిన రాజ్యాల గురించి చరిత్రకారులు ఏవేవో రాస్తారు, నాకు మాత్రం ఆ వ్యాను రావడం మానేయడమే ప్రధానం.

గ్రంథాలయాల మాట ఎత్తకుండా ఉందామనుకున్నాను గానీ, మొన్న ఇంటిపన్ను కట్టి వచ్చాను, ఊరుకోలేకపోతున్నాను. పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. ఏటేటా కడుతున్నాను. 1935లో మా డెల్టా కాలవల మీద పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలేసుకుని రేవు రేవునా పంచిన ప్రాంతం ఇది. ఇప్పుడు మా ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్తే, ఉద్యోగాల పరీక్షలకి చదువుకునే కుర్రాళ్లు బల్లల నిండా. పాపం వాళ్లని అనను, వాళ్లకి అవసరం. కానీ పిల్లల బీరువాకి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో అక్కడి ఉద్యోగికే తెలీదు. పిల్లల పుస్తకం కావాలంటే నన్నాయన ఎగాదిగా చూశాడు.

జనవరిలో బెజవాడ పుస్తకాల పండగకి ఏటా వెళ్తాను. ఇప్పటి బొమ్మలు, రంగులు, కాగితం చాలా బాగుంటున్నాయి. ఒప్పుకోవడం ఇష్టం లేదు గానీ ఒప్పుకుంటున్నాను. మా పాత రష్యా పుస్తకాలు కొన్ని మళ్లీ అచ్చవుతున్నాయి, అది మెచ్చుకోవలసిన పని. పోయినసారి ఒక పిల్లాడు ఆ దుకాణంలో నేలమీద చతికిలబడి నొప్పి డాక్టరు బొమ్మలు చూస్తున్నాడు. వాళ్లమ్మ వచ్చి పుస్తకం లాగి చూసి, "తెలుగు నీకు టఫ్ కన్నా, ఇంగ్లీషుది తీసుకుందాం" అని తీసుకుపోయింది. పిల్లాడు వెనక్కి చూస్తూనే వెళ్లాడు. కొనేవాళ్లు పెద్దవాళ్లు, ఎంచేవాళ్లు పెద్దవాళ్లు, పక్కన కూచుని చదివించి ఫొటో తీసేవాళ్లు పెద్దవాళ్లు. పెద్దవాళ్లు ఇంత అడ్డంగా కూచున్నాక పుస్తకంలోకి పిల్లాడు దూరేదెక్కడ?

మా మనవడు హైదరాబాదులో నాలుగో తరగతి. తెలుగు కూడబలుక్కుంటాడు. వేసవి సెలవలకి వచ్చినప్పుడు పుస్తకంగా వచ్చిన శిథిలాలయం తీసి, ఒక భాగం చదివి వినిపించాను. మంచి పట్టులో ఉండగా మూసేశాను.

"తర్వాత?" అన్నాడు.

"వచ్చే నెల."

"పుస్తకం నీ చేతిలోనే ఉంది కదా తాతయ్యా!"

"మాకు నెలకొక్కటే వచ్చేది. నువ్వేం జమీందారువా?" అని పుస్తకం బీరువాలో పెట్టి, తాళంచెవి వాడు చూస్తుండగానే గోడ గడియారం వెనక పెట్టాను. చిన్నపిల్లలు చదివేది కాదని కూడా అన్నాను. కోడలు తెల్లబోయింది. "వాడే చదువుతానంటుంటే వద్దంటారేంటి మావయ్యగారూ, రోజూ ఇరవై నిమిషాలు..." అనబోయింది. నేను వినిపించనట్టు వీధిలోకి వెళ్లిపోయాను.

వారం తిరక్కుండానే బీరువాలో పుస్తకం తలకిందులుగా కనబడింది. తాళంచెవి గడియారానికి అటుపక్కకి మారింది. నేనేం కదపలేదు. మర్నాడు మధ్యాహ్నం కోడలు కంగారుగా వచ్చింది. "వీడు బాత్‌రూములోకి వెళ్లి ముప్పావుగంటైంది మావయ్యగారూ, పిలిస్తే వస్తున్నానంటాడు, రాడు. కడుపులో ఏమైనా బాగాలేదేమో?"

"అవునమ్మా, రాత్రి గారెలు ఎక్కువ తిన్నాడు" అన్నాను.