వెయ్యి మిల్లీమీటర్ల బతుకు

నా ఒంటి మీద మూడు అక్షరాలు పోతపోసి ఉన్నాయి: ఎన్.ఎస్.ఆర్. మూడోది తుప్పు కింద సగమే కనిపిస్తుంది. నా పుట్టిన కాలం కట్టడానికి ఆ మాత్రం చాలు. 1930కి ముందే పుట్టి ఉంటే మధ్యలో 'జి' కూడా ఉండేది. అప్పటి పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ ఏడు నిజాం సర్కారు కంపెనీ చేతిలోంచి రైల్వేను కొనేసుకుంది, పేరులోంచి 'గ్యారంటీ' పోయింది. 1951 నవంబరులో మధ్య రైల్వే ఏర్పడి మమ్మల్ని కలుపుకున్నాక ఆ అక్షరాలు పోసే పని ఎవరికీ లేదు. ఆ మధ్యలో ఎప్పుడో పుట్టాను. ఇంతకన్నా కచ్చితమైన జాతకం నా దగ్గర లేదు.

నేను గేజి కడ్డీని. రెండు కొనల దగ్గరా కిందికి దిగిన కొమ్ములు ఉంటాయి. వాటి బయటి అంచుల మధ్య దూరం వెయ్యి మిల్లీమీటర్లు. గ్యాంగ్‌మన్ నన్ను పట్టాల మీద అడ్డంగా పెడితే ఆ కొమ్ములు రెండు పట్టాల లోపలి అంచులకూ తగలాలి. అటూఇటూ ఆడితే పట్టాలు విచ్చుకున్నట్టు, అసలు దిగకపోతే దగ్గరపడ్డట్టు. నాకు తెలిసిన విద్య ఇదొక్కటే. దీంతోనే నాందేడు గుండా లక్షల మందిని దాటించాను. టిక్కెట్టు కలెక్టరు గుర్తుంటాడు, ఇంజను డ్రైవరు గుర్తుంటాడు. గేజి కడ్డీ ఎవరికి గుర్తు?

నా కొలత వెనక ఒక వింత ఉంది. దేశమంతా గజాలు, అడుగులు, అంగుళాల్లో బతుకుతున్న రోజుల్లో నేను మీటరును. 1870లో వైస్రాయి లార్డ్ మేయో ప్రభుత్వం చవకగా వేసే రైలు దారులకు మీటరు వెడల్పు ఖాయం చేసింది. అప్పట్లో దేశం మొత్తాన్ని మెట్రిక్ కొలతల్లోకి మార్చాలనుకున్నారు. దేశం మారలేదు, పట్టాలు మాత్రం మారాయి. మెట్రిక్ చట్టం 1956లో గానీ రాలేదు. అన్నాళ్ళూ మమ్మల్ని 3 అడుగుల 3 3/8 అంగుళాలని పిలిచారు. నిండు మీటరుకు అంత వంకర పేరు! పైగా నా చుట్టూ ఉన్న స్టేషన్లు, గూడ్సు షెడ్లు, క్వార్టర్లు అన్నీ అడుగుల లెక్కన కట్టినవే. దారిదొక లెక్క, దారి పక్క గోడదొక లెక్క. ఈ తగాదా తర్వాత నా రెండో జన్మలో మళ్ళీ ఎదురైంది.

మా లైను పేరు హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే. హైదరాబాదు నుంచి మన్మాడ్ దాకా సుమారు 390 మైళ్ళు, 1901 నాటికి పూర్తిగా తెరుచుకుంది. కామారెడ్డి, నిజామాబాదు, బాసర, ధర్మాబాదు, ఉమ్రీ, ముద్‌ఖేడ్, నాందేడు, పూర్ణా, పర్భణీ, జాల్నా, ఔరంగాబాదు. బాసర దగ్గర గోదావరి దాటితే నేల మెల్లగా రంగు మారుతుంది. తెలంగాణ వైపు గ్రానైటు గుండ్లు, మరాఠ్వాడా లోపలికి పోయేకొద్దీ అగ్నిపర్వతాల నల్లరాయి. నాందేడు జిల్లా ఆ రెంటి సరిహద్దులో కూర్చుంది. భాష కూడా అంతే. దెగ్లూరు, బిలోలీ, ధర్మాబాదు వైపు ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. 1956 దాకా అందరిదీ ఒకటే హైదరాబాదు రాష్ట్రం. ఆ తర్వాత గీత పడింది. గ్యాంగులో మేట్ తెలుగులో తిట్టేవాడు, కీమాన్ మరాఠీలో సణిగేవాడు. నాకు రెండూ ఒకటే, ఎండ ఒకటే.

నా మీదుగా కాచిగూడ–మన్మాడ్ అజంతా ఎక్స్‌ప్రెస్ పోయేది. పూర్ణా, అకోలా, ఖండ్వాల మీదుగా జైపూరు దాకా మీనాక్షి ఎక్స్‌ప్రెస్ పోయేది. ప్యాసింజరుకు వైపీ ఇంజన్లు, గూడ్సుకు వైజీ ఇంజన్లు. ఆ తర్వాత డీజిలు వైడీఎం-4లు. ఆ వైభవం మీద ఎక్కువ చెప్పను, చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు.

1990లలో పెద్ద పట్టా మన్మాడ్ వైపు నుంచి నడుచుకుంటూ వచ్చింది. కొత్త శతాబ్దం మొదటి ఏళ్ళలో ముద్‌ఖేడ్ దాటి నిజామాబాదు వైపు పోయింది. బ్రాడ్‌గేజి అంటే 1,676 మిల్లీమీటర్లు. నన్ను దానికి అడ్డంగా పెడితే ఒక కొమ్ము పట్టాకు ఆనుతుంది, రెండోది కంకరలో దిగుతుంది. 2003 ఏప్రిల్ 1న నాందేడు డివిజను పుట్టింది. నేను స్క్రాపు కుప్పలో చేరింది కూడా ఆ రోజుల్లోనే. వేలంలో లాటుగా పోయి, చేతులు మారి, నాందేడులో ఒక భంగార్ దుకాణంలో తేలాను. అక్కడ కొలతలు ఉండవు, తూకమే.

అక్కడికొచ్చాడు సారు. బ్యాంకులో పని, ఊరు కరీంనగర్ వైపు, బదిలీ మీద నాందేడు వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. కిలోల లెక్కన డబ్బు కట్టి నన్ను ఇంటికి తెచ్చాడు. ఉప్పుకాగితంతో రుద్ది, కొమ్ముకూ కొమ్ముకూ మధ్య పది సెంటీమీటర్లకొక పట్టీ చొప్పున ఎరుపు, తెలుపు రంగులు వేశాడు. సర్కసు వేషంలా ఉందని మొదట సిగ్గుపడ్డాను. తర్వాత అర్థమైంది, ఆయన కడుతున్నది 1970 నాటి మా చిన్న లైను, బొమ్మ సైజులో. ఇంట్లో ఒక గదిని దానికే ఇచ్చేశాడు. ఇక నా పని పాత గోడల పక్కన నిలబడి ఫొటో దిగడం.

ఇందులో ఒక విద్య ఉంది. గోడకు సరిగ్గా ఎదురుగా కెమెరా పెట్టాలి, నన్ను గోడకు ఆనించి నిటారుగా నిలబెట్టాలి. ఒక అడుగు ముందుకు జరిపినా నేను ఉన్నదానికన్నా పెద్దగా పడతాను, గోడ లెక్క చిన్నదైపోతుంది. ఫొటోలో నా రంగు పట్టీలన్నీ కలిసి ఎంత పొడుగుంటే అది మీటరు, దాంతో కిటికీ ఎత్తు, చూరు ఎత్తు, మెట్ల వెడల్పు తీయొచ్చు. అందని చోట ఇటుకలే దిక్కు. పది వరసల ఎత్తు నాతో కొలిచి పదితో భాగించి, ఇక కప్పు దాకా వరసలు లెక్కపెట్టుకుంటూ పోవడమే. అతుకు వేసిన చోట ఇటుక సైజు మారుతుంది. అక్కడ కిటికీ పూడ్చారనో, గది పెంచారనో తెలిసిపోతుంది. స్టేషను వర్కింగ్ రూల్సులో యార్డు పటం ఉంటుంది. ఎన్ని లైన్లు, ఏ పాయింటు ఎక్కడ, ఏ సిగ్నలు ఎటు, అన్నీ అందులో దొరుకుతాయి. ఊరి పేరు బోర్డు మీద సముద్ర మట్టానికి ఎత్తు రాసి ఉంటుంది కదా, రెండు స్టేషన్ల ఎత్తులు తీసివేసుకుంటే దారి ఎటు వాలిందో తెలుస్తుంది. ప్రయాణికులకు ఎందుకూ పనికిరాని ఆ అంకె సారుకు పండగ.

నాందేడు స్టేషను దగ్గర మాత్రం నాకు పెద్దగా పని దొరకలేదు. 2008లో సిక్కుల గురుతా గద్దీకి, అంటే వాళ్ళ పవిత్ర గ్రంథానికి గురుస్థానం దక్కి, మూడు వందల ఏళ్ళు నిండాయి. దేశదేశాల నుంచి వచ్చే యాత్రికుల కోసం ఊరూ స్టేషనూ కొత్త రూపు దిద్దుకున్నాయి. ఇప్పుడు బోర్డు మీద పేరు హుజూర్ సాహిబ్ నాందేడ్. గురు గోవింద్ సింగ్ 1708లో కన్నుమూసిన ఊరు ఇది, రద్దీ ఉండక ఏమవుతుంది? అందుకని సారు చిన్న స్టేషన్ల మీద పడ్డాడు. అనుమతి కాగితం చేతపట్టుకుని వాడకం పోయిన గూడ్సు షెడ్డు, కప్పు లేని గ్యాంగు క్వార్టరు, కంపల మధ్య నీళ్ళ ట్యాంకు దిమ్మె, ఎవరూ తిరిగి చూడని గేటు గుమ్టీ చుట్టూ తిరిగాడు. నా అభిప్రాయం అడిగితే ఇదే సరైన దారి. కాచిగూడ గుమ్మటాలు 1916 నుంచీ నిక్షేపంగా ఉన్నాయి, వాటిని ఎవరైనా ఎప్పుడైనా కొలుచుకోవచ్చు. గుమ్టీ అలా కాదు. ఇవాళ ఉంటుంది, వానాకాలం దాటితే ఇటుకలు ఎవరో పట్టుకుపోతారు. లైను చూసినట్టు అనిపించేది కూడా గుమ్టీల వల్లే. ప్రతి బొమ్మ లైనులోనూ ఒక రాజమహల్ స్టేషను పెట్టి మురిసిపోయేవాళ్ళంటే నాకు చిరాకు.

ఫొటోలకు అందనిది ఆల్బముల్లో దొరికింది. ముద్‌ఖేడ్‌లో ఒక ఇంట్లో పెళ్ళి ఫొటో. ప్లాట్‌ఫారం మీద పెళ్ళికొడుకు బాసికంతో నిలబడ్డాడు, పక్కన ట్రంకు పెట్టె, వెనక ఒక వ్యాగను మూల. ఇంట్లోవాళ్ళు పెళ్ళికొడుకును చూపిస్తుంటే సారు భూతద్దం పెట్టి వ్యాగను చూస్తున్నాడు. దాని మీద 'ఎస్‌సీ' అని తెల్లరంగు అక్షరాలు. దక్షిణ మధ్య రైల్వే పుట్టింది 1966 అక్టోబరు 2న, కాబట్టి ఫొటో అంతకు ముందుది కాదు. పెళ్ళికొడుకు భుజం మీదుగా ఒక రేకుల కప్పు కనిపిస్తోంది, ఇప్పుడు అక్కడ అది లేదు. ఆ ఇంటి పెద్దావిడ, "మా ఆయన మొకం సూడుండ్రి సారూ, ఆ డబ్బా దిక్కు ఏం సూస్తరు?" అని నవ్వింది.

ఆ పెద్దావిడే కాకా ఇల్లు చూపించింది. రిటైరైన గ్యాంగు మేట్. కాకా వాకిట్లో మంచం మీద కూర్చుని నన్ను చూడగానే చెయ్యి చాచాడు.

"గిది మా గేజి గాదె! యాడ దొరికింది సార్?"

"భంగార్‌ల దొరికింది కాకా."

"గీ రంగులేంది? హోలీ ఆడినవా దీంతోని?"

నా కొమ్ముల బయటి అంచు మీద బొటనవేలు రాసి చూశాడు. అరిగిందేమోనని. అరగలేదు.

నాకు అసలు కోపం వచ్చింది సారు గదిలో. బొమ్మల లోకంలో హెచ్‌ఓ అనే కొలత ఉంది. అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు, అంటే అసలులో 87వ వంతు. చూశారా, ఇక్కడా అడుగూ మిల్లీమీటరూ ఒక దాని మెడ మీద ఒకటి కూర్చున్నాయి! ఆ లెక్కన కిలోమీటరు పదకొండున్నర మీటర్లు. నాందేడు నుంచి ముద్‌ఖేడ్ ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, దాన్ని నిజాయితీగా పరిస్తే 230 మీటర్లకు తగ్గదు, సారు గది నాలుగు మీటర్లు. అందుకని దూరాన్ని మడుస్తారు. గోదావరి వంతెనను రెండు అంకణాలకు కుదిస్తారు. అది నేను ఒప్పుకుంటాను. దూరం నా శాఖ కాదు.

కానీ పట్టాల మధ్య వెడల్పు నా శాఖ. వెయ్యిని 87తో భాగిస్తే పదకొండున్నర మిల్లీమీటర్లు. సారు తెప్పించిన పట్టాలు పన్నెండు. స్విట్జర్లాండులోనూ మీటరు గేజి కొండ రైళ్ళున్నాయి, వాటి బొమ్మల కోసం చేసిన పట్టాలవి. అర మిల్లీమీటరే కదా అనుకోకండి. తిరిగి 87తో గుణిస్తే 1,044. నలభై నాలుగు మిల్లీమీటర్లు విచ్చుకున్న లైను మీద కాకా బండిని పోనిస్తాడా? ఎర్రజెండా పాతి కూర్చుంటాడు. ఈ జబ్బు మనదొక్కటే కాదు. ఇంగ్లండులో ఓఓ అనే కొలతలో దశాబ్దాలుగా ఇరుకు పట్టాల మీద బండ్లు నడుపుతున్నారు. అక్కడ అసలు లెక్క 18.83 మిల్లీమీటర్లు, దుకాణంలో అమ్మేది 16.5. ఓర్చుకోలేని కొందరు 18.83 పట్టాలను చేత్తో వేసుకుంటారు. నేను ఎన్నడూ చూడని ఆ మనుషులు నా చుట్టాలు.

సారు కూడా పుణేలో జోషీ చిన్నరైళ్ళ మ్యూజియం చూసి వచ్చిన మనిషే. 1998 నుంచి నడుస్తున్న ఆ మ్యూజియం నుంచి బొమ్మ ఊరు కదలాలంటే ఎంత ఓపిక కావాలో తెలుసుకుని వచ్చాడు. అయినా పన్నెండుతో సరిపెట్టుకుందామనే అనుకున్నాడు. పదకొండున్నర వేయాలంటే పట్టాలొక్కటే కాదు, కొన్న ప్రతి చక్రాన్నీ ఇరుసు మీద కాస్త లోపలికి నెట్టాలి. కళ్ళు పోయే పని.

కాకా చూడటానికి వచ్చింది అప్పుడే. ముందు గేటు గుమ్టీ దగ్గర ఆగాడు. ఇటుక ఒక్కొక్కటి మిల్లీమీటరు కన్నా సన్నం, సారు వారాల తరబడి గీసినవి. కాకా ఇటుకలు చూడలేదు.

"తలుపు అటు దిక్కు వెట్టినవేంది సార్? పట్టా దిక్కు ఉండాలె. లోపల కూసున్నోనికి బండి కనవడకుంటె జెండా ఎట్ల సూపుతడు?"

ఫొటోలో ఆ పక్క గోడ కూలిపోయి ఉంది, తలుపు ఎటుండేదో ఏ కాగితంలోనూ లేదు. సారు మారుమాట లేకుండా కప్పు ఊడదీశాడు. తర్వాత కాకా పట్టాల మీదికి వంగి కళ్ళు చికిలించాడు.

"గిది జర వెడల్పున్నది."

అర మిల్లీమీటరు! కంటితో! టేబులు మీద పడి ఉన్న నాకు చప్పట్లు కొట్టే చేతులు లేకపోయాయి.

ఆ రాత్రే సారు ఇత్తడి రేకు ముక్క తీసుకుని ఆకురాయి పట్టాడు. పొద్దుటికి నా పోలికతో ఒకటి తయారైంది, రెండు కొమ్ములు, మధ్య పదకొండున్నర మిల్లీమీటర్లు. పాత పట్టాలు ఊడబెరికి కొత్తవి చేత్తో వేయడం మొదలుపెట్టాడు. నాలుగు దుంగలకొకసారి ఆ బుడత కడ్డీని అడ్డంగా పెట్టి చూడటం, రాగిమేకు దిగ్గొట్టడం. మొదటి మూర తిన్నగా సాగింది. వంపు దగ్గర ఇంజను మొరాయించింది. నడిమి చక్రాలు పట్టాలకు బిగుసుకుపోయి ఎక్కి కూర్చున్నాయి.

కాకాకు ఫోను పోయింది.

"వంపుల గదే గేజి ఎట్ల వడ్తది సార్? పొడుగు ఇంజన్‌కు తిరగనీకె జాగ గావాలె. జర వదులియ్యాలె. మేం గూడ ఇస్తుంటిమి."

"ఎంతియ్యాలె కాకా?"

"వంపు సూడకుంట ఎట్ల జెప్తం? ఆయితారం వస్త, అప్పటిదాంక ముట్టకు."

సారు ముట్టకుండా ఉంటాడా? రెండో ఇత్తడి ముక్కకు అప్పుడే ఆకురాయి పడుతోంది, కొమ్ముల మధ్య వెంట్రుకవాసి ఎక్కువతో. కాకా వచ్చి కాదంటే మూడోదానికి రేకు ఇంకా మిగిలే ఉంది.