నాళాద్వైతము

"ఏ గొట్టమైతే ఏముందండీ, గొట్టం గొట్టమే కదా!" అను మహావాక్యము మా బెజవాడ పటమటలో మొదట నెవరి నోట వెలువడినదో చెప్పజాలను గాని, దాని నాధారముగ గొని యొక వేదాంతశాఖ మా యిండ్ల నడుమ బలిసినదనియు, ఆదివారము నాడు కాఫీ త్రాగి కారు మూత నెత్తి నిలుచు ప్రతి గృహస్థుని హృదయములోను అది పాదుకొని యున్నదనియు మాత్రము ప్రమాణము చేసి చెప్పగలను. తోటకు నీరు పెట్టు గొట్టమునకును, ఆసుపత్రిలో సెలైను ఎక్కించు గొట్టమునకును, తాపీమేస్త్రి మట్టము చూచుకొను గొట్టమునకును, కారులో పెట్రోలు ప్రవహించు గొట్టమునకును భేదము నామరూపములయందే గాని తత్త్వమునందు లేదని వీరి సిద్ధాంతము. దీనికి నేను నాళాద్వైతమని పేరు పెట్టితిని. విర్రవీగువానిని "వాడేమన్నా పెద్ద గొట్టంగాడా?" అని మనవారు తీసిపారవేయుటలోని మర్మము నాకు చిరకాలము బోధపడలేదు, ఈ వేదాంతుల సాంగత్యము లభించిన పిదప బోధపడినది.

మా పై యంతస్తున నొక పెద్దమనిషి కలరు. ఖజానా శాఖలో ముప్పదియేండ్లు పరుల బిల్లులపై ఆక్షేపణలు వ్రాసి వ్రాసి విశ్రాంతి గైకొన్నవారు. కారు కొన్ననాడు దానిని దుర్గమ్మ కొండకు గొనిపోయి, పూజ చేయించి, నాలుగు చక్రముల క్రింద నాలుగు నిమ్మకాయలు నలిపించి, గుమ్మడికాయ కొట్టించిన భక్తులు. ఏటేట సీటు తొడుగులు మార్తురు. గత శ్రావణమాసపు వానలకు మా సెల్లారులో తలదాచుకొన వచ్చిన యొక మూషికము, తన్ను పారద్రోలుటకై వారు ఇంజను ప్రక్కన గుడ్డలో మూటగట్టి యుంచిన పొగాకు కాడల పరిమళము నాఘ్రాణించుచునే కాబోలు, ఇంజనునకు పెట్రోలు నందించు రబ్బరు గొట్టమును జానెడు మేర కొరికి పెట్టినది. విఘ్నేశ్వరుని వాహనము మానవుని వాహనమును కొరుకుటలో నంతరార్థ మేమో పండితులు తేల్చవలెను. మా వీధికి ఆటోనగరు కూతవేటు దూరము. అచట విప్పని బండి లేదు, బిగింపని మర లేదు. అయినను వారటు పోలేదు. "పావుగంట పని. దీనికి మెకానిక్కెందుకండీ? వాడికి తగలేసే డబ్బులు మనకే మిగులుతాయి" అనిరి. ఆ 'మన'లో నేనెట్లు చేరితినో పిదప తెలిసినది: సెల్లు దీపము పట్టుకొని నిలుచు నుద్యోగము నాకు కేటాయింపబడి యుండెను.

వారు ఇనుపసామానుల కొట్టునుండి తెచ్చినది రెండు గజముల లెవెలు పైపు. "ట్రాన్స్‌పరెంటండీ! లోపల పెట్రోలు వస్తున్నదీ లేనిదీ కంటికి కనబడుతుంది. కంపెనీవాళ్ళకి ఈపాటి ఆలోచన తట్టలేదు చూడండి" అని చూపిరి. ఆ ప్లాస్టిక్కునకు మెత్తదనము నిచ్చు ద్రవ్యమును పెట్రోలు మెల్లమెల్లగ కరగించి కొనిపోగా, కొన్నాళ్ళకది ఎండిన తాటియాకు వలె బిరుసెక్కి పగులునని వారితో ననువారెవరు? ఈ శాఖలోనే మరికొందరు సైకిలు ట్యూబు ముక్క చుట్టుదురు; అది పెట్రోలు త్రాగి జలోదరరోగి కడుపు వలె నుబ్బును. కరెంటు టేపు చుట్టువారును కలరు. దాని జిగురు పూటకే కరగి జారును. అసలైన ఇంధనపు గొట్టము చూపునకు నల్లని రబ్బరే యైనను, లోపలి పొర పెట్రోలుకు లొంగని ప్రత్యేకపు రబ్బరు, నడుమ నూలు అల్లిక, పైన వేడిమి కోర్చు మరియొక పొర. దాని యొడలిమీద ఎస్.ఏ.ఇ. జె30 ఆర్7 అనియో, ఇంజెక్షను బండ్లకైనచో ఆర్9 అనియో చిన్న యక్షరములలో జాతకము వ్రాసి యుండును. ఈనాడు బంకులో పోయు పెట్రోలున నూటికి 20 పాళ్ళు ఇథనాలు గావున, దాని కోర్చునట్టి రబ్బరో కాదో చూచుకొనుటయు నొక పని యైనది. ఈ జాతకము చదువు నోపిక, గోత్రము చూడనిదే సంబంధమాడని మా పెద్దమనిషికి లేకపోయినది.

న్యాయమునకు చెప్పవలెనన్న, నాళాద్వైతము పుట్టినపుడు దానికి కొంత యాధారము లేకపోలేదు. అంబాసిడరు, పద్మిని కారులు రోడ్లనేలిన దినములలో, ఇంజనుకే తగిలించిన చిన్న పంపు పెట్రోలును కార్బొరేటరునకు తోయుచుండెను. ఆ తోపు అరకేజీకి లోపే. నడిరోడ్డుమీద గొట్టము తెగినచో ట్యూబు ముక్క చుట్టి, కారుచున్న టాంకికి బట్టలసబ్బు మెత్తి, తరువాతి యూరు చేరినవారు నిజముగ కలరు. వారిని నేను గౌరవింతును. కాని యిప్పటి పెట్రోలు కారులో పంపు టాంకిలోనే కూర్చుండి, దాదాపు మూడు కేజీల ఒత్తిడితో ఇంజనువైపు తోయుచున్నది. టైరులో మనము పట్టించు గాలి ముప్పది, ముప్పదిమూడు పాయింట్లు. ఈ గొట్టములో నలుబదికి పైన. బండి నేటిది, వేదాంతము నాటిది.

ఇక క్రతువు. ఇంజను ఆపిన పిదపను గొట్టములో నిలిచియుండు ఒత్తిడిని ముందుగా తీసివేయవలెనని నియమము. ఆ పుణ్యకార్యము ఎలుకయే చేసి పెట్టియుండుటచే ఆ ఘట్టము క్షేమముగ గడచినది. బ్యాటరీ తీగ నూడదీయలేదు. పాత గొట్టమును కూరగాయల కత్తితో కోసి, లెవెలు పైపును రెండు కొనలకు తొడిగి, క్లిప్పులకు మారుగ బైండింగు తీగ చుట్టి, కటింగు ప్లేయరుతో మెలిపెట్టిరి. తీగ ప్లాస్టిక్కులోనికి కఱచుకొని పోవుట నా దీపపు వెలుతురులో స్పష్టముగ కనబడుచుండెను. "ఇక చూడండి" అని తాళము త్రిప్పిరి. వెనుక సీటు క్రింద 'జుయ్'మని రెండు సెకన్లు పంపు తిరిగినది. లెవెలు పైపు పాముగొంతు వలె నుబ్బి, ఒక కొన నుండి విడివడి, వారు కోరినట్లే పెట్రోలు వచ్చుచున్నదని మా యిరువురి కంటికిని, చొక్కాకును స్పష్టముగ జూపినది.

సెల్లారు మూలను నీళ్ళ మోటారు స్టార్టరు పెట్టె కలదు. పచ్చ బొత్తాము నొక్కినచో లోపల 'టప్'మని నిప్పురవ్వ రాలును. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువు. మీది కెగసిపోక నేలబారున ప్రాకి, గుంట వెదకుకొని కూర్చుండును. గాలిలో నూటికి ఒకటిన్నర పాలు చేరిన చాలును, నిప్పు తగిలినచో అంటుకొనును. మేఘము కమ్మిన దినము, నీళ్ళ వేళ, వాచ్‌మన్ భార్య బొత్తాము మీద వ్రేలు పెట్టబోవుచున్నది. గేటు దగ్గర బీడీ నారిపి విసరివేసి, వాచ్‌మన్ పెట్టిన కేక నా చెవులలో నేటికిని మ్రోగుచున్నది: "మోటారెయ్యమాకే! ఆగక్కడ!" పిదప వాడే ప్రక్క స్థలములో ఇల్లు కట్టుటకు పోసిన యిసుకను తట్టలతో తెచ్చి నేలపై చల్లినాడు. బకెట్టుతో నీళ్ళు తెండని మా పెద్దమనిషి పురమాయించుచుండగా, "నీళ్ళోస్తే పైకి తేలుద్దండయ్యా" అని మెల్లగ నన్నాడు. బడి ముఖము చూడనివాడు.

ఇంట జేసికొనుట తప్పని నేననను. తగిన గొట్టము, తగిన క్లిప్పు, బయలు ప్రదేశము, తెలిసిన చేయి యున్నచో ఎవరైన చేయవచ్చును. నాకు కిట్టనిది ఆ "ఏముందండీ అందులో" అను పలుకు. సంతకము ప్రక్కన తేదీ లేదని ఎందరి పింఛను కాగితములనో త్రిప్పి పంపిన చేయి, చక్రము క్రింద పడుకొని వెన్ను నల్లబడినవాని విద్యకు నియమమే లేదనుకొనును. ఖజానా కోడును జూచి ఏముందండీ అందులో అన్నవానిని వీరు క్షమింతురా? చేతితో చేయు పనికి మాత్రము శాస్త్రము లేదు, శిక్ష లేదు, కూలి యసలే లేదు. దీనికి స్వావలంబనమని పెద్ద పేరొకటి.

మరునాడు ఆటోనగరు మేస్త్రీ వచ్చినాడు. "ముందు బండి బయటికి తోయండి సార్" అన్నాడు. బ్యాటరీ తీగ తీసినాడు; గొట్టమును బ్లేడుతో నిటారుగ కోసి, పైపు కొననున్న ఉబ్బును దాటువరకు నెట్టి, దాని వెనుక క్లిప్పు బిగించినాడు. తీగ మరల తగిలించి, ఇంజను ఆడింపక తాళము మాత్రము మూడు మారులు త్రిప్పి, ప్రతి మారును కీలు చుట్టు వ్రేలు పెట్టి తడిమి, ఆ వ్రేలిని వాసన చూచుకొన్నాడు. సామానుకు రెండువందల యేబది, కూలి మూడువందలు.

"పావుగంట పనికి మూడొందలా?" అని మా పెద్దమనిషి ఆక్షేపణ లేవనెత్తిరి.

"పావుగంట కాదు సార్, ఇరవై నిముషాలైంది" అని మేస్త్రీ చేతులు తుడుచుకొన్నాడు.

మిగిలిన లెవెలు పైపును వారు పారవేయలేదు. చుట్టచుట్టి, బైండింగు తీగతో గట్టి, పైకి గొనిపోయిరి. గ్యాసు పొయ్యి గొట్టము పాతబడినదని వారి యింటావిడ నిన్న మా ఆవిడతో అన్నదట. వారి వంటిల్లు సరిగ్గ మా పడకగదికి పైన.