సింపుల్‌గా, సముద్రం ఒడ్డున

“చాలా సింపుల్‌గా చేసేస్తున్నామండీ. నూటయాభై మందే!”

పంజాగుట్టలో ఏ నగల షోరూంలో కూర్చున్నా ఈమధ్య ఈ మాట చెవిన పడుతోంది. ఆ మాట అంటున్న పెద్దమనిషి ముందు గాజుబల్ల మీద ఒక వడ్డాణం. దాని పక్కన ఇంకో వడ్డాణం. మొదటిది ముహూర్తానికి, రెండోది తిరిగొచ్చాక హైదరాబాద్‌లో ఇచ్చే రిసెప్షన్‌కి. పెళ్లి ఫుకెట్‌లో. మూడు రాత్రులు, నాలుగు పగళ్లు, బ్రేక్‌ఫాస్ట్ ఉచితం. శుభలేఖలో గణపతి బొమ్మ ఉండే చోట క్యూఆర్ కోడ్ ఉంది. స్కాన్ చేస్తే మీ గోత్రం కాదు, మీ పాస్‌పోర్ట్ ఎప్పటిదాకా చెల్లుతుందో అడుగుతుంది.

వీళ్ల సమర్థన ఎప్పుడూ ఒకటే. ముక్కూమొహం తెలియని వెయ్యిమందికి దండాలు పెట్టే బదులు కావలసినవాళ్లు నలుగురితో ప్రశాంతంగా చేసుకోవచ్చట, పైగా ఖర్చూ తగ్గుతుందట. వెయ్యిమంది ఫంక్షన్ హాల్ పెళ్లిని నేనూ వెనకేసుకురాను. స్టేజీ ఎక్కడానికి గంటసేపు క్యూలో నిలబడి, నాలుగు అక్షింతలు వేసి, వీడియో అబ్బాయి ఇటు చూడమంటే ఇటు చూసి దిగిపోయే ఆ తంతు మీద విడిగా ఇంకో వ్యాసం రాయొచ్చు. కానీ ఆ జబ్బుకు ఈ సముద్రపు మందు వాడితే జబ్బు తగ్గలేదు, బిల్లు పెరిగింది.

అసలు పెళ్లి ఏ తీరాన జరిగినా సరుకు కొనేది అమీర్‌పేట, పంజాగుట్టల్లోనే కదా. పట్టుచీరలు ఇక్కడివే. జాకెట్ల మీద మగ్గం వర్క్ ఇక్కడిదే. పెళ్లిబుట్ట, అడ్డుతెర, ముత్యాలు అంటించిన కొబ్బరిబొండాం, పసుపు దంచే రోలూ రోకలీ, పేర్లు రాసిన పీటలు అన్నీ ఇక్కడే. పురోహితుడు ఇక్కడివాడు. డోలు, సన్నాయి ఇక్కడివే. థాయ్ వంటవాడు గుత్తివంకాయ చేస్తే వియ్యాలవారు అలుగుతారని వంటమేస్త్రీ కూడా ఇక్కడివాడే. ఫొటోగ్రాఫర్, డ్రోన్ అబ్బాయి, మేకప్ ఆవిడ, ఆవిడ అసిస్టెంటు, అందరికీ టికెట్లు. అంటే అమీర్‌పేటను పట్టుచీర మడిచినట్టు మడిచి పెట్టెలో పెట్టి, సముద్రం దాటించి, ఇసుక మీద పరిచి ఫొటో తీసి, మళ్లీ మడిచి తెచ్చుకుంటున్నారు.

ఈ సరంజామాలో విమానం ఎక్కనిది ఒక్కటుంది, కుడుక. తెలంగాణలో కుడుకలు లేకుండా ఒడిబియ్యం లేదు. విమానయాన నిబంధనల్లో మాత్రం ఎండుకొబ్బరి తనంతట తానే అంటుకోగల సరుకుల కోవలో ఉంది. నూనె ఎక్కువ మరి. శంషాబాద్‌లో స్కానర్ దగ్గర మేనమామ సంచీ విప్పించి కుడుకలు తీసి పక్కన పెడుతుంటే ఆయన మొహం చూడాలి. పోనీలెండి, వెళ్లేది కొబ్బరిచెట్ల దేశానికేగా అంటారా? రిసార్టుల్లో కాయలు అతిథుల నెత్తిన పడకుండా ముందే కోసేస్తారు. అక్కడి చెట్లు ఫొటోలకు మాత్రమే. కొట్టడానికి పీచూ పిలకా ఉన్న కాయ కావాలంటే దాన్నీ ఇక్కడి నుంచే పట్టుకెళ్లడం మేలు. ఇక వడ్డాణాలు. తిరిగొచ్చేటప్పుడు ఇది మాదేనని కస్టమ్స్ వాళ్లను నమ్మించాలంటే వెళ్లేటప్పుడే వాళ్లకు చూపించి ఎగుమతి సర్టిఫికెట్ రాయించుకోవాలి. పెళ్లికూతురికి ఒక పాస్‌పోర్ట్, ఆమె నడుముకు ఒకటి.

పురోహితుడి పాట్లు వేరు. థాయ్‌లాండ్ గడియారం మనకంటే గంటన్నర ముందు. సూర్యోదయం వేరు, లగ్నం వేరు, సిద్ధాంతిగారు హైదరాబాద్‌కు వేసిన లెక్క అక్కడ చెల్లదు. తెల్లవారుజామున రెండున్నరకు లగ్నం దివ్యంగా ఉందని ఆయనంటాడు. పది దాటితే సౌండ్ ఆపాలని రిసార్టు మేనేజర్ అంటాడు. వెలుతురు లేదు సార్ అని ఫొటోగ్రాఫర్ అంటాడు. ఆఖరికి ముగ్గురూ ఒప్పుకునేది గోధూళి లగ్నం. పశువులు ఇంటికొచ్చే వేళ, ఫొటోగ్రాఫర్ల గోల్డెన్ అవర్ ఒక్కటేనని తేలడం ఈ మధ్యకాలంలో మన జ్యోతిషానికి దక్కిన గొప్ప విజయం. ఆ తరువాత అరుంధతి. డిసెంబరులో వసిష్ఠుడూ అరుంధతీ అర్ధరాత్రి దాటితే గానీ అక్కడ ఉదయించరు. పంతులుగారు ఎనిమిది గంటలకే వేలు చూపిస్తారు, దంపతులు భక్తిగా తల ఎత్తుతారు, పైన డ్రోన్ ఎర్రదీపం మినుకుమంటుంది. ఫంక్షన్ హాల్ పైకప్పు కేసి చూపించినప్పుడు కనీసం అది పైకప్పని అందరికీ తెలుసు.

ఇవన్నీ నవ్వుకుని ఊరుకోదగ్గ సంగతులే. ఊరుకోకూడనిది అతిథుల జాబితా.

2020లో కరోనా వచ్చినప్పుడు పెళ్లికి 50 మందికి మించకూడదని కేంద్రం నిబంధన పెట్టింది. అప్పుడు మనవాళ్లు జీవితంలో మొదటిసారి ఒక సుఖం ఎరిగారు. పిలవకుండా ఉండే సుఖం. నిబంధన పోయింది, ఆ రుచి పోలేదు. కానీ కరోనా లేకుండా బాబాయిని పిలవకపోతే తగువు. ఆ తగువు లేకుండా సముద్రం ఆదుకుంది. “తప్పకుండా రావాలి బాబాయ్, మీ టికెట్ మీరు వేసుకుంటే చాలు, గది మేం చూసుకుంటాం.” పిలిచినట్టూ అయింది, రాకుండా చేసినట్టూ అయింది. బాబాయి గుమాస్తాగా రిటైరయ్యాడు, ఆయనకు పాస్‌పోర్టే లేదు. ఆ సంగతి పిలిచినవాళ్లకు తెలుసు.

నగరంలో చుట్టాలందరూ సులువుగా చేరగలిగే చోటు ఒకటుంది, అమీర్‌పేట మెట్రో స్టేషన్. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ పోయే రైలు, నాగోలు నుంచి రాయదుర్గం పోయే రైలు కలిసేది అక్కడే. దిల్‌సుఖ్‌నగర్ అత్తయ్య, ఉప్పల్ మామయ్య, కూకట్‌పల్లి వదిన ఎవరి దయా లేకుండా వచ్చి భోంచేసి వెళ్లిపోగలరు. సరిగ్గా అందుకే పెళ్లి అక్కడ చేయరు. ఆంధ్రప్రదేశ్ తీరం 974 కిలోమీటర్లని చిన్నప్పుడు బట్టీ పట్టినవాళ్లమే. సముద్రమే కావాలంటే సూర్యలంక ఉంది, భీమిలి ఉంది. కానీ బాపట్లకు రైలుంది, వైజాగ్‌కు ఆర్టీసీ బస్సుంది. తీరం ఎంత అందంగా ఉంటే ఏం లాభం, చుట్టాలు వచ్చేస్తారు!

సినిమావాళ్లను చూసి వాతలు పెట్టుకుంటున్నారని కొందరంటారు. 2017 అక్టోబరులో నాగచైతన్య, సమంతల పెళ్లి గోవాలో జరిగింది. 2023 నవంబర్ 1న వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠిల పెళ్లి ఇటలీలోని టస్కనీలో జరిగింది. వాళ్ల బాధ నాకర్థమవుతుంది. ఊళ్లో చేసుకుంటే గోడలెక్కి చూస్తారు. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర మన వెంటపడేది కోచింగ్ కరపత్రాలు పంచే కుర్రాళ్లు తప్ప ఎవరూ లేరు, మనకెందుకు అంత దూరపు దాపరికం? పైగా టస్కనీ దంపతులు కూడా నాలుగు రోజులకే మాదాపూర్ ఎన్ కన్వెన్షన్‌లో ఊరికి విందు పెట్టక తప్పలేదు. తమ్మిడికుంట చెరువులోకి చొచ్చుకొచ్చిందంటూ ఆ హాలును 2024 ఆగస్టులో ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చేసింది. సముద్రం లేని నగరంలో నీటి ఒడ్డున పెళ్లి చేసుకోవాలన్న తహతహ మనకు ముందు నుంచే ఉందన్నమాట.

2023 నవంబర్ 26న ప్రధాని మన్ కీ బాత్‌లో ఈ విదేశీ పెళ్లిళ్ల ప్రస్తావన తెచ్చి, దేశంలోనే చేసుకోవచ్చు కదా అన్నారు. దాంతో చర్చ ఏ దేశపు బీచ్ అన్నదాని చుట్టూ తిరిగింది. బిల్లు ఎవరు కడుతున్నారని ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్న తెలుగువాళ్లకు మరీ పాతది. దేశానికి వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. మనకు అంతకు ముందే, 1958లోనే, ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. ఇన్నేళ్ల అనుభవంలో వియ్యంకులు చట్టం చదవడం బాగా నేర్చారు. “మేం కట్నం అడగట్లేదు బావగారూ, ఆ పద్ధతే మాకు నచ్చదు. పిల్లలు ముచ్చటపడ్డారు, ఆ గదుల సంగతి మాత్రం మీరు చూసుకోండి.” గదుల సంగతి అంటే ఏమిటో చూద్దాం. నూటయాభై మందికి 75 గదులు, మూడు రాత్రులు. గోవాలో ఓ మాదిరి రిసార్టు, రాత్రికి 15 వేలు అనుకుందాం. మొత్తం 33,75,000. గది అద్దె 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం, అంటే ఇంకో 6,07,500. పూలు, భోజనాలు, విమానాలు, డీజే ఇంకా మొదలు కాలేదు. ఒకప్పటి కట్నం కనీసం పిల్ల పేరనో అల్లుడి పేరనో బ్యాంకులో పడేది, కష్టకాలంలో అక్కరకొచ్చేది. ఇది మధ్యాహ్నం చెకౌట్‌తో చెల్లుతుంది. తెచ్చుకోవడానికి మిగిలేవి బాత్రూంలోని చిన్న షాంపూ సీసాలు. ఇందులో ఇచ్చిందీ పుచ్చుకున్నదీ ఏమీ లేదు కాబట్టి నేరమూ లేదట. ఆడపిల్ల తండ్రి పర్సనల్ లోన్ మాత్రం ఉంది.

అతిథి ఖర్చు ఆ లెక్కలోకి రాదు. హల్దీకి పసుపుపచ్చ, మెహందీకి ఆకుపచ్చ, సంగీత్‌కి మెరుపులు, ఆఖరి రాత్రి వైట్ పార్టీ. పెళ్లింట ఆడవాళ్లు తెల్లచీర కట్టుకుని తిరగడం ఏమిటని బామ్మ నోరు తెరిచి, మనవరాలు కళ్లెర్రజేస్తే మూసుకుంది. అమీర్‌పేట షాపుల్లో ఈ నాలుగు రంగులూ కొని, ఆఫీసులో సెలవు పెట్టి, చేతికి రిసార్టు పట్టీ కట్టించుకుని, పొద్దున ఏడింటికి బీచ్ యోగాకు రమ్మంటే వెళ్లాలి. తినిపోయే స్వేచ్ఛ ఉన్నవాడిని అతిథి అంటాం. ఇక్కడున్నది యూనిఫాం వేసుకున్న జూనియర్ ఆర్టిస్టు, తన ఖర్చుతో వచ్చినవాడు.

మన పెద్దలూ అయిదు రోజుల పెళ్లిళ్లు చేసేవారు కదా అని ఈ మధ్య ఈవెంట్ మేనేజర్లు పురాణం విప్పుతున్నారు. చేసేవారు. ఆ పెళ్లిళ్లు పొలాలు మింగిన మాటా నిజమే, దాన్ని బంగారుకాలం అనడానికి నాకు నోరు రాదు. కానీ మగపెళ్లివారికి విడిది పక్కింట్లోనే ఇచ్చేవారు. పందిరి వేసింది ఊరివాళ్లు. ఐరేని కుండలు తెచ్చే కుమ్మరికి, మంగలికి, చాకలికి పెళ్లిలో పని ఉండేది, పనికి తగ్గ ఈనాం ఉండేది. ఫుకెట్‌లో ఆ కుండలు డెకరేషన్ వాడి సరుకు. వాటికి రాత్రికింత అని అద్దె.

నిజంగా సింపుల్‌గా కావాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉండనే ఉంది. 30 రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు. చుట్టాల నుంచి పారిపోవాలనుకునే జంట మీద నాకు సానుభూతి ఉంది, ఆ దారిలో పోతే సాక్షి సంతకం కూడా పెడతాను. ఎలాగూ ఇసుక మీద ఏడడుగులు నడిచినవాళ్లకు అమెరికా వీసా కావాలంటే ఊరికొచ్చి రిజిస్ట్రార్ ముందు నిలబడక తప్పదు.

అమీర్‌పేట నుంచి కూతవేటు దూరంలో ఏటా మూడు రోజుల పెళ్లి జరుగుతుంది, బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం. మనుషులు పెళ్లిళ్లు మానుకునే ఆషాఢంలో ఆవిడ చేసుకుంటుంది. సోమవారం ఎదురుకోలు, మంగళవారం కల్యాణం, బుధవారం రథోత్సవం. నేలమట్టానికి కింద, బావిలో వెలసిన అమ్మవారు అక్కడి నుంచి కదలదు, జనమే వెళ్తారు. వానలో, బురదలో, బారికేడ్ల మధ్య తొక్కుకుంటూ వెళ్తారు. ట్రాఫిక్ మళ్లిస్తారు, మనం తిట్టుకుంటాం. అయినా ఆ పెళ్లికి మీరు రాగలరా, మీ పాస్‌పోర్ట్ ఏదీ అని ఎవరినీ ఎవరూ అడగరు. ప్రెజెంటేషన్ పరంగా ఆ పెళ్లిలో చాలా లోపాలున్నాయని ఏ ప్లానర్ అయినా చెబుతాడు.

ఆ లోపాలు గూడా ఇప్పుడు ప్యాకేజీలో దొరుకుతున్నాయి. కొత్త ఫ్యాషన్ ‘హైదరాబాదీ నైట్’. రిసార్టు పచ్చిక మీద గాజుల దుకాణం సెట్టు, ఫొటో దిగడానికి పసుపుపచ్చ ఆటో, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్, మిర్చి బజ్జీల బండి. ప్లాస్టిక్ కుర్చీలు కూడా వేస్తారు, అసలుగా కనిపించాలని. చాయ్ రుచి తేడా రాకూడదని పంజాగుట్ట నుంచి మాస్టర్‌ను రానూపోనూ టికెట్, గది ఇచ్చి తీసుకెళ్లారట. మా బాబాయికి తెలిసి ఒక్కటే అడిగాడు, వాళ్లకు గ్లాసులు కడిగే మనిషి కూడా కావాలేమో కనుక్కోమని.