ఎక్స్‌పీ గారి ఎక్స్‌టెన్షన్

రిటైరైన పెద్దాఫీసర్లకు ఎక్స్‌టెన్షన్లు ఇవ్వడం మన ప్రభుత్వాలకు అలవాటే. సన్మానం అయిపోతుంది, శాలువా బీరువాలోకి వెళ్తుంది, మర్నాడు పొద్దున ఆయన మళ్లీ అదే కుర్చీలో కనిపిస్తారు. ఇదేమిటని అడిగితే, ఆయన లేకపోతే ఫైలు కదలదంటారు. బాలానగర్‌లో ఒక మిత్రుడి వర్క్‌షాపులో ఈమధ్య ఇలాంటి ఉద్యోగినే చూశాను. పేరు విండోస్ ఎక్స్‌పీ. 2001 అక్టోబరులో సర్వీసులో చేరారు. 2014 ఏప్రిల్ 8న కన్న కంపెనీయే రిటైర్ చేసింది. ఆనాటి నుంచి సెక్యూరిటీ అప్‌డేట్ల రూపంలో క్రమం తప్పకుండా అందే మందులు కూడా బంద్. అయినా రోజూ తొమ్మిదింటికల్లా డ్యూటీ ఎక్కుతున్నారు. షెడ్డులోని సీఎన్‌సీ మిల్లింగ్ మిషన్‌కు ఏ లోహాన్ని ఎక్కడ, ఎంత లోతు కొయ్యాలో చెప్పేది ఆయనే. మానిటర్‌కు దసరానాటి కుంకుమ బొట్టు, కీబోర్డు మీద కూలెంట్ మరకలు, డబ్బా సందుల్లో ఇనుప పొడి. మెడికల్ టెస్టుకు పంపిస్తే ఒక్క రిపోర్టూ నార్మల్‌గా రాదు. పని మాత్రం ఒక్కరోజూ ఆగలేదు.

ఇలాంటి మనిషిని తీసేసి కొత్తవారిని పెట్టుకోవాలన్న ఆలోచన ఓనరుకు సొంతంగా రాలేదు. ఆడిటర్ చెప్పారు. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటర్ మీద ఏటా 40 శాతం తరుగుదల చూపించుకోవచ్చట, అక్టోబరు రాకముందే కొనేస్తే మంచిదట. అలా వచ్చింది కొత్త కంప్యూటర్. ఒక పక్కంతా అద్దం, లోపల బతుకమ్మలా రంగురంగుల లైట్లు. దానితోపాటు దాన్ని అమర్చడానికి ఒక కుర్రాడు కూడా వచ్చాడు.

"ఏముంది అంకుల్, దీంట్లోని ఫైళ్లు దాంట్లో వెయ్యడమే కదా, అరగంట పని" అన్నాడు కుర్రాడు.

"అరగంటనా? చెయ్ బేటా, నేను చాయ్ తాగొస్త" అన్నాడు ఆపరేటర్. ఆ మిషన్ షెడ్డుకు వచ్చిన రోజు నుంచీ దాన్ని నడుపుతున్న మనిషి. ఆ చాయ్ ఎంతసేపు తాగవచ్చో ఆయనకు బాగా తెలుసు.

ముందు రెండింటికీ మధ్య ల్యాన్ కేబుల్ వేశారు. లైట్లు వెలిగాయి. కొత్తదానికి మాత్రం పక్కన ఒక కంప్యూటర్ ఉన్నట్టే కనిపించలేదు. ఇందులో దాని తప్పు లేదు, న్యాయం న్యాయమే. 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని ఏడిపించింది, బ్రిటన్‌లో ఆసుపత్రులు సైతం రోగులను వెనక్కి పంపాయి. అది ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది ఎస్ఎంబీ అనే ఫైల్ షేరింగ్ పద్ధతి తాలూకు మొదటి వెర్షన్‌లోని కన్నంలోంచి. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 కొత్త విడుదల నుంచి కొత్త కంప్యూటర్లలో ఆ వెర్షన్‌ను తీసేసి పంపడం మొదలుపెట్టారు. మన పెద్దాయనకు వచ్చింది ఆ ఒక్క వెర్షనే. ఒకరికి ఆ భాష తప్ప రాదు, ఇంకొకరికి ఆ భాష వినకూడదని పైనుంచి ఆర్డర్లు. మధ్యలో కేబుల్ మాత్రం కొత్తది, మంచి క్వాలిటీ.

"కావాలంటే మళ్లీ ఆన్ చెయ్యొచ్చు సార్, కాకపోతే రిస్క్" అన్నాడు కుర్రాడు.

రిస్క్ అన్న మాట వినగానే ఓనరు వద్దన్నారు. పెన్ డ్రైవ్ తెచ్చారు. 64 జీబీది, పెట్టెలోంచి అప్పుడే తీసింది. ఎక్స్‌పీ గారికి గుచ్చితే, ఈ డిస్కు ఫార్మాట్ చెయ్యలేదు, ఇప్పుడు చెయ్యమంటారా అని మర్యాదగా అడిగారు. పెద్ద సైజు పెన్ డ్రైవులు చాలావరకు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి. దాన్ని చదవడానికి ఎక్స్‌పీకి వేరే అప్‌డేట్ వెయ్యాలి, అది వేసినవాళ్లు ఎవరూ లేరు. తనకు చదవరానిదల్లా చెరిపేద్దామనడం కంప్యూటర్లకే చెల్లింది అనుకునేవాణ్ణి, తర్వాత కొన్ని ఆఫీసుల రికార్డు రూములు గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఓనరు ఇంట్లో పిల్లల డ్రాయరు వెతికించి పాత 4 జీబీ పెన్ డ్రైవ్ ఒకటి రప్పించారు. ఇది దిగింది. ఫైళ్లు ఎక్కాయి. కొత్తదాంట్లో పెట్టి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయి ఉన్నాయి. ఇంటర్నెట్ సెంటర్ల కాలం నుంచి ఈ షార్ట్‌కట్ వైరస్ మన దేశంలో ఎన్ని పెన్ డ్రైవుల్లో కాపురం చేసిందో చెప్పలేం. ఫైళ్లు ఎక్కడికీ పోవు, దాక్కుంటాయంతే. యాట్రిబ్ అనే కమాండ్ కొడితే బయటికొస్తాయి. కుర్రాడు అది కొట్టకముందే కొత్త కంప్యూటర్‌లోని యాంటీవైరస్ నిద్రలేచింది. వైరస్‌తో పాటు, పాత డిజైన్ సాఫ్ట్‌వేర్ తాలూకు ఒక ఫైలు మొహం కూడా దానికి నచ్చలేదు. రెండింటినీ కలిపి లోపల వేసింది.

"పెన్ డ్రైవులతో ఆటలాడకూడదు సార్. ఇరాన్‌లో సెంట్రిఫ్యూజులు పాడైంది స్టక్స్‌నెట్ వల్లే, అది పాకింది పెన్ డ్రైవ్ మీదే" అని కుర్రాడు 2010 నాటి కథ చెప్పాడు.

"మనతాన సెంట్రిఫ్యూజులు ఏడున్నయ్ బేటా, ఉన్న ఒక్క మిషన్ నడిస్తే చాలు" అన్నాడు ఆపరేటర్, రెండో చాయ్ గ్లాసు కింద పెడుతూ.

అసలు ముచ్చట మర్నాడు జరిగింది. ఎక్స్‌పీ గారి మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్ 2032. కరెంటు లేనప్పుడు కూడా తేదీ, టైము గుర్తుపెట్టుకోవడానికి. అది ఎప్పుడో చచ్చిపోయింది. అందుకని రోజూ పొద్దున ఆన్ చెయ్యగానే ఎఫ్1 నొక్కమంటుంది. నొక్కితే 2002 జనవరి 1 అవుతుంది. ఆ షెడ్డులో ప్రతిరోజూ కొత్త సంవత్సరమే, కేకు ఒక్కటే తక్కువ. ఇన్నేళ్లూ దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. మిషన్‌కు లోతు కావాలి గానీ తేదీ ఎందుకు?

కుర్రాడు తెలివైనవాడు. ఫైళ్లను ఒకటొకటి చూసుకోవడం దేనికని తేదీలు పోల్చే సాఫ్ట్‌వేర్ వేశాడు. ఒకే పేరుతో రెండు ఫైళ్లుంటే ఏది కొత్తదో చూసి దాన్ని ఉంచుతుంది, పాతదాన్ని తుడిచేస్తుంది. ఒక ప్లేటు తాలూకు ప్రోగ్రాము బ్యాటరీ బతికున్న రోజుల్లో, 2015లో రాసింది. అప్పట్లో ప్లేటు మందం 15 మిల్లీమీటర్లు, రంధ్రం లోతు 12. కస్టమర్ డ్రాయింగ్ మార్చాడు. ప్లేటు 10, లోతు 8. ఆపరేటర్ క్రితం వారమే ఎక్స్‌పీ మీద ప్రోగ్రాము సరిదిద్దాడు. దాని మీద పడ్డ తేదీ 2002. బ్యాకప్ ఫోల్డర్‌లో ఉన్నదాని తేదీ 2015. సాఫ్ట్‌వేర్ లెక్క ప్రకారం ఏది కొత్తది? పదమూడేళ్ల తేడా ఉన్నాక అనుమానమెందుకు? సరిదిద్దినదాన్ని తుడిచేసి తప్పుదాన్ని నిలబెట్టింది. రెండుచోట్లా ఒకేలా ఉండాలని కుర్రాడు అదే ఫోల్డర్‌ను తిరిగి ఎక్స్‌పీ మీదా వేశాడు. ఎక్కడ చూసినా తప్పే ఉండటంతో ఇప్పుడు రికార్డులు పక్కాగా సరిపోయాయి. శాఖాపరమైన విచారణలన్నీ ఇక్కడే ముగుస్తాయి.

ఫస్ట్ పీస్ బిగించారు. ఎనిమిది దగ్గర ఆగాల్సిన డ్రిల్లు ప్లేటు దాటి కింద వైస్‌లోకి దిగింది. బ్లైండ్ హోల్ పడాల్సిన చోట త్రూ హోల్ పడింది. ఆపరేటర్ ఎమర్జెన్సీ బటన్ గుద్ది, ఏమీ అనకుండా జేబులోంచి ఒక చిన్న నోటుపుస్తకం తీశాడు. నూనె మరకల మధ్య పెన్సిల్‌తో ప్లేటు నంబరు, పాత లోతు, కొత్త లోతు, మార్చిన తేదీ ఉన్నాయి. ఆ తేదీ సరైన తేదీ. షెడ్డు మొత్తానికి బ్యాటరీ అయిపోని బ్యాకప్ అదొక్కటే.

ఇక మిషన్ దాకా ప్రోగ్రాము ఎలా వెళ్తుందో చెప్పాలి, అక్కడే నాకు ముచ్చటేసింది. ఈ కాలపు మిషన్ల తాతలు చిల్లులు పొడిచిన కాగితపు టేపు మీంచి ప్రోగ్రాములు చదివేవి. టేపులు పోయాక కూడా చాలాకాలం కంట్రోలర్ల మెమరీని మీటర్లలోనే చెప్పుకున్నారు. 80 మీటర్ల మెమరీ అంటే 80 మీటర్ల టేపు మీద పట్టే అక్షరాలు, అంగుళానికి పది చొప్పున సుమారు 31,500. మన ఫోనులో ఒక గుడ్ మార్నింగ్ గులాబీ బొమ్మకు కూడా ఆ చోటు చాలదు. అంతలోనే ఒక మిషన్ అచ్చు మొత్తం చెక్కేస్తుంది.

ఆ అక్షరాలను మోసేది ఆర్ఎస్-232 కేబుల్. ఆ ప్రమాణం 1960 నాటిది. ఇందులో పాస్‌వర్డు లేదు, లాగిన్ లేదు, నిబంధనలకు అంగీకరిస్తున్నాను అన్న టిక్కు లేదు. పంపే తీగ, అందుకునే తీగ, గ్రౌండు. వేగం 9,600 బిట్ల దగ్గర పెడితే సెకనుకు 960 అక్షరాలు వెళ్తాయి. ఒక ఫ్లాపీ నిండా ఉన్న సరుకు పంపాలంటే పాతిక నిమిషాలు దాటుతుంది గానీ, 80 మీటర్ల ప్రోగ్రామైతే సుమారు అరనిమిషం చాలు. రెండు చివర్లా వేగం, ప్యారిటీ, స్టాప్ బిట్లు ఒకటేనా అని చూసుకోవాలి, అంతే. కొత్త కంప్యూటర్‌కు ఆ తొమ్మిది పిన్నుల సాకెట్ లేదు కాబట్టి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్లి యూఎస్‌బీ అడాప్టర్ తెచ్చారు. దాంట్లోనూ చిప్పు అసలుదా నకిలీదా అన్న పేచీ ఉంది. 2014లో ఒక చిప్పుల కంపెనీ డ్రైవర్ విండోస్ అప్‌డేట్‌లో వచ్చి, నకిలీ చిప్పుల గుర్తింపు నంబరును సున్నా చేసి పడుకోబెట్టింది. కొన్న అమాయకుడికి తన వైరు ఎందుకు చచ్చిందో అర్థం కాలేదు.

అడాప్టర్ పనిచేసింది. కొత్త కంప్యూటర్ నుంచి మిషన్‌కు ప్రోగ్రాము వెళ్లింది. అందరూ చప్పట్లు కొట్టబోతుండగా ఓనరు అడిగారు: "మరి కొత్త డిజైన్లు దీంట్లో గియ్యొచ్చా?"

గియ్యలేరు. ఎందుకంటే ఆ డిజైన్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఒక డాంగిల్‌లో ఉంది. ఆ డాంగిల్ పాతిక పిన్నుల ప్రింటర్ పోర్టుకే తగులుతుంది. ఆ పోర్టు కొత్తదానికి లేదు, యూఎస్‌బీ నుంచి ప్రింటర్ పోర్టు చేసే వైర్లను డాంగిల్ గుర్తుపట్టదు. ఫైళ్లన్నీ వచ్చాయి, వాటిని తెరిచే హక్కు మాత్రం పాత డబ్బా వెనకాలే ఉండిపోయింది. అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే ఒక తియ్యటి గొంతు వచ్చింది. మీ వెర్షన్ ఎండ్ ఆఫ్ లైఫ్ సార్, ఇప్పుడంతా ఏడాది చందానే సార్, ఆ ఫైళ్లు కొత్త వెర్షన్‌లో తెరుచుకుంటాయో లేదో కొన్నాక చూద్దాం సార్.

మనల్ని మనం మరీ తక్కువ చేసుకోనక్కర్లేదు. అమెరికా అణు క్షిపణుల దళం తన కమాండ్ వ్యవస్థలో ఎనిమిది అంగుళాల ఫ్లాపీలను 2019 దాకా వాడింది. జపాన్ ప్రభుత్వం ఫ్లాపీలు తప్పనిసరి చేసే నిబంధనలను వెయ్యికి పైగా వెతికి పట్టుకుని 2024 జూన్ నాటికి గానీ రద్దు చెయ్యలేకపోయింది. అందుకు టారో కోనో అనే మంత్రి ఫ్లాపీల మీద యుద్ధమే ప్రకటించాల్సి వచ్చింది. ఆ వార్త మన వాట్సాప్ గ్రూపుల్లో నవ్వుకోవడానికి తిరిగినప్పుడు, దాన్ని ఫార్వర్డ్ చేసినవాళ్లలో ఫ్లాపీతో నడిచే ఎంబ్రాయిడరీ మిషన్ల యజమానులు కూడా ఉండే ఉంటారు.

షెడ్డులో జరిగినదాంట్లో పెద్దాయన తప్పేమీ లేదు, కుర్రాడి తప్పు కొంతే. ఆదాయపు పన్ను వాళ్లకు తెలిసిన నిజం మిషన్లు అమ్మేవాళ్లకు తెలియదంటే నేను నమ్మను. తరుగుదల పట్టికలో యంత్రానికి ఏటా 15 శాతం, కంప్యూటర్‌కు 40. అంటే రెండింటి ఆయుష్షూ ఒకటి కాదని ప్రభుత్వమే రాసి పెట్టింది. అయినా ముప్పై ఏళ్లు పనిచేసే ఇనుముకు పదేళ్లలో రిటైరయ్యే బుర్ర తగిలించి, ఆ బుర్రకు ఒకే తాళం పెట్టి, ఆ తాళం చెవి తమ దగ్గర ఉంచుకుని అమ్ముతారు. బుర్ర పోయినప్పుడు ఇనుము కూడా మార్చండి సార్ అంటారు. ఇది సాంకేతిక ప్రగతి అయితే, పాత బస్టాండు దగ్గర జేబు కొట్టేవాడు కూడా శాస్త్రవేత్తే.

ప్రస్తుతానికి ఎక్స్‌పీ గారికి మరో ఎక్స్‌టెన్షన్ మంజూరైంది. డిజైన్లు ఆయన గీస్తారు, కొత్త కంప్యూటర్ జీఎస్టీ బిల్లులు కొడుతుంది. బ్యాటరీ మార్చారు, కొన్ని పదుల రూపాయలు అయింది. ఇప్పుడు ఆయనకు ఈరోజు తేదీ తెలుసు. ఆయన హార్డ్‌డిస్కును విప్పి, ఐడీఈ అడాప్టర్‌తో మొత్తం ఇమేజ్ తీసి రెండుచోట్ల దాచారు. సరిదిద్దిన ప్రతి ప్రోగ్రాములోనూ మొదటి వరుసలో బ్రాకెట్ల మధ్య తేదీ రాయడం ఆపరేటర్ కొత్తగా పెట్టిన రూలు. బ్రాకెట్లలో ఉన్నది మిషన్ పట్టించుకోదు, మనుషులు చదువుకుంటారు.

కాబట్టి, కొత్త మిషన్ కొనబోయే అయ్యలారా, అమ్మలారా, కొటేషన్‌లో రంగు, వారంటీ, ఉచిత శిక్షణ చూశాక ఇంకో ప్రశ్న కూడా అడగండి. ఈ కంప్యూటర్ పోయిన రోజున నా ఫైళ్లు వేరేదాంట్లో తెరుచుకుంటాయా, లైసెన్సు నాతో వస్తుందా? జవాబు నోటిమాటగా కాదు, కంపెనీ లెటర్‌హెడ్ మీద, స్టాంపు వేయించుకుని తీసుకోండి. ఇవ్వనంటే పక్క కంపెనీకి వెళ్లండి.