ముఖం చూపితేనే హాజరు

మా మనవడు హైదరాబాద్‌లో ఏదో కంపెనీలో చేస్తాడు. ఏటా వాళ్లకు ఫోన్లో ఒక ఫారం వస్తుందట, ఉద్యోగంలో సంతోషంగా ఉన్నావా, అయిదుకు ఎన్ని మార్కులేస్తావు అని. "తాతా, మీ పంచాయతీల్లో గిట్ల అడిగేటోళ్లా?" అన్నాడు. ఎవరడుగుతారు బిడ్డా! కొలువు ఇచ్చుడే గొప్ప అనుకునే సర్కారుకు మళ్లీ మా సంబురం లెక్క కూడానా? అడక్కపోయినా తెలిసేది. పొద్దున దఫ్తర్ తలుపు తీసే చప్రాసి మొహం చూస్తే పై నుంచి కింది దాకా సంగతి బయటపడేది.

నేను కొలువులో చేరినప్పుడు ఇంకా పంచాయతీ సమితులే. 1986 చట్టంతో మండల పరిషత్తులు వచ్చేదాకా కరీంనగర్ జిల్లాలో పంచాయతీ గుమాస్తాకు బీడీవోనే పెద్ద దిక్కు. ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టర్, నగదు పుస్తకం, తీర్మానాల పుస్తకం, ఈ మూడూ సరిగ్గా ఉంటే మమ్మల్ని అడిగే మొగోడు లేడు. సరిగ్గా లేకుంటే ఆడిట్ వాళ్లు అభ్యంతరం రాసేవారు, మెమో వచ్చేది, సంజాయిషీ రాసుకునేవాళ్లం. తిట్లకు కొదువ లేదు. మా బీడీవో నలుగురి ముందు కడిగి పారేసేవాడు. మధ్యాహ్నం అయ్యేసరికి తన గిన్నెలోంచి పచ్చిపులుసు వంచి "తిను, రేపటికి లెక్క తేల్చు" అనేవాడు. తెల్లారేసరికి లెక్క తేలేది. ఇవాళ మెమో వాట్సాప్‌లో వస్తుంది. పచ్చిపులుసు మాత్రం రాదు.

ఆదిలాబాద్ బదిలీ అంటే శిక్ష అనేవారు అప్పట్లో. పోయేటప్పుడు ఏడ్చినవాడే తిరిగొచ్చేటప్పుడు కూడా ఏడుస్తాడని ఒక మాట ఉండేది, అబద్ధం కాదు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర డ్యూటీ పడితే ఎముకలు కొరికే చలి. అయితే ఒక్క మంట చుట్టూ పెద్ద అధికారి నుంచి పంపు ఆపరేటర్ దాకా అందరం కూర్చునేవాళ్లం. చాయ్ ఎవరు ముందు తాగాలన్న హోదా అక్కడ చెల్లేది కాదు.

ఇప్పటి పిల్లల సంగతి చూడండి. 2018 చట్టంతో పంచాయతీలు 12,751 అయ్యాయి, ఊరికొక కార్యదర్శి అన్నారు. మేం ఒక్కొక్కరం మూడు నాలుగు ఊళ్లు సైకిల్ మీద తిరిగినోళ్లం. ఊరికొకడు ఉండాలన్నది మంచి ఆలోచనే, కాదనను. 9,355 జూనియర్ కార్యదర్శి పోస్టులకు పరీక్ష పెట్టారు. డిగ్రీలు, బీటెక్‌లు చదివిన పిల్లలు 2019లో 15,000 జీతానికి చేరారు. మూడేళ్లు ప్రొబేషన్ అన్నారు, తర్వాత నాలుగన్నారు. మధ్యలో జీతం 28,719 చేశారు, నిజమే. కానీ నాలుగేళ్లూ నిండాక కూడా పర్మినెంట్ మాట ఎత్తకపోతే, 2023 ఏప్రిల్ 28న సమ్మెకు దిగారు. డ్యూటీలో చేరకపోతే ఊడబెరుకుతామని గడువు పెట్టారు. సమ్మె విరమించాక పనితీరుకు మార్కులేసి అప్పుడు పర్మినెంట్ చేశారు. చేసేదేదో ముందే చేస్తే ఆ పిల్లలకు సర్కారు మీద నమ్మకం మిగిలేది. మార్కులు వేసే తెలివి ఉన్నవాళ్లకు ఇంత చిన్న లెక్క అందలేదా?

వాళ్ల పని చిట్టా వింటే నాకే కళ్లు తిరుగుతాయి. నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, పల్లె ప్రకృతి వనం, ట్రాక్టర్ డీజిల్, ఉపాధి హామీ కూలీలు, ఇంటి పన్ను, పుట్టుక చావుల రిజిస్టర్. నాటిన మొక్కల్లో నూటికి 85 బతకాలి, లేకుంటే నౌకరికే ఎసరు అని చట్టంలోనే రాశారు. మేకను ఆపేదెవరు? ఎండాకాలం నీళ్లు పోసేదెవరు? మొక్క చస్తే మాత్రం జవాబు కార్యదర్శిది.

హాజరు సంగతి ఇంకో వింత. మా రోజుల్లో హాజరు పట్టీలో దస్తఖత్ చేసేవాళ్లం. ఇప్పుడు ఊరికి పోయి ఫోన్‌కు ముఖం చూపాలి, ఊడ్చిన మోరీ ఫోటో పెట్టాలి. 2025లో జగిత్యాల జిల్లాలోనే ఒకరు హాజరు కోసం ముఖ్యమంత్రి ఫోటో పెట్టారని బయటపడి రాష్ట్రమంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. దొంగ హాజరు తప్పే, శిక్షించండి. మా రోజుల్లోనూ రెండు రోజుల సంతకాలు ఒక్కపూట గీకిన ఘనులు ఉన్నారు, నేనెరుగుదును. అయితే ఒకడు దొంగ అయితే మిగతా అందరి ముఖాలనూ రోజూ తనిఖీ చేసే పద్ధతి అప్పుడు లేదు. సర్పంచ్‌కు, ఊరి జనానికి మేం వచ్చామో లేదో తెలిసేది. సాక్ష్యం ఊరే.

బదిలీల గురించి ఎక్కువ చెప్పను, బీపీ పెరుగుతుంది. 2016లో కరీంనగర్ ముఖ్యంగా నాలుగు ముక్కలైంది, ఆదిలాబాదూ నాలుగే. 2021 డిసెంబర్‌లో 317 జీవో వచ్చి, ఏ ఉద్యోగి ఏ కొత్త జిల్లాకు అన్నది సీనియారిటీతో తేల్చారు. సీనియర్లు దగ్గరి జిల్లా పట్టుకున్నారు, జూనియర్లు పుట్టిన జిల్లా వదిలి పోయారు. ఇక వీఆర్వోలు. 2020లో వాళ్ల వ్యవస్థనే రద్దు చేశారు, రెండేళ్లు ఖాళీగా ఉంచి, 2022లో లాటరీ తీసి తలా ఒక శాఖకు పంపారు. 1984లో పటేల్ పట్వారీలను తీసేసినప్పుడు కూడా గోల చూశాను. కానీ చీటీ తీసి కొలువు పంచుడు మాత్రం నా జన్మలో ఇదే మొదలు.

ఇంతసేపూ కుర్చీలో కూర్చునేవాళ్ల గురించే చెప్పాను. అసలు మాట చీపురు పట్టినవాళ్లది. దీంట్లో మాత్రం మా రోజులను నెత్తిన పెట్టుకోను. పన్ను వసూలైతేనే సఫాయి వాళ్లకు జీతం, లేకుంటే కోతల నాడు ఊరోళ్లు పెట్టే గింజలు. నగదు పుస్తకం నా చేతిలోనే ఉండేది, నాకు తెలుసు. ఇవాళ ఎంతో మారి ఉంటుందనుకుంటాం. కారోబార్, పంపు ఆపరేటర్, ఎలక్ట్రీషియన్, సఫాయి అందరినీ 51 జీవోతో ఒక్క గాటన కట్టి మల్టీపర్పస్ వర్కర్ అని పేరు పెట్టారు. లెక్కలు రాసే కారోబార్ కూడా అవసరమైతే ట్రాక్టర్ ఎక్కాలన్నమాట. జీతం 8,500 ఉండేది. 2023 మే డే నాడు వెయ్యి పెంచారు. ఆ జులైలో సమ్మెకు దిగితే నెల దాటినా తెగలేదు. ఆ జీతమైనా నెల నెలా పడితే ఒక తీరు. నెలల తరబడి బాకీ ఉన్న ఊళ్లెన్నో.

గోదావరిఖనిలో, మంచిర్యాలలో సింగరేణి కార్మికునికి దసరాకు లాభాల్లో వాటా వస్తుంది. 2024లో విస్తరణకు పక్కన పెట్టింది పోను మిగిలిన లాభంలో 33 శాతం పంచారు. పర్మినెంట్ కార్మికునికి సగటున లక్షా తొంభై వేలు. రావాల్సిందే, బాయిలోకి దిగేటోని కష్టం అది. అదే పండుగకు వాళ్ల క్వార్టర్ల ముందు ఊడ్చే మనిషి పోయిన నెల జీతం కోసం చూస్తుంటుంది. బతుకమ్మ పూల చెత్త తెల్లారి ఎత్తేది ఆమెనే.

దాదాపు రెండేళ్ల స్పెషల్ ఆఫీసర్ల పాలన తర్వాత 2025 డిసెంబర్‌లో మళ్లీ సర్పంచులు వచ్చారు. కొత్త సర్పంచులకు ఒక్క మాట. మీ పేరు రాసిన శిలాఫలకం తర్వాత చెక్కించుకోండి. ముందు పంచాయతీకి పోయి సఫాయి వాళ్లకు ఎన్ని నెలల జీతం బాకీ ఉందో అడగండి, ఆ లెక్క గోడ మీద రాయించండి, బాకీ తీరేదాకా మండలం ఆఫీసు మెట్లు దిగకండి.