అగరొత్తులూ, అలాస్కా

మయామీలో ఓడ ఎక్కేముందు సంచులన్నీ ఎక్స్‌రే యంత్రంలోంచి వెళ్తాయి. మా ఆవిడ సంచి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. తనిఖీ కుర్రాడు జిప్పు లాగి, చీరల మడతల్లోంచి అగరొత్తుల పొట్లం తీసి, అదేదో నాటుబాంబైనట్టు పక్కవాణ్ణి పిలిచి చూపించాడు.

"ఓడలో నిప్పు పనికిరాదమ్మా. ఇస్త్రీపెట్టెలే ఉంచుకోనివ్వరు" అన్నాడు మా అబ్బాయి. పొట్లం తీసుకుని ఒక చీటీ రాసిచ్చారు. దిగేటప్పుడు చూపిస్తే తిరిగిస్తారట. మా ఆవిడ ఆ చీటీని కొంగున ముడేసుకుంది. ఏడు రాత్రుల ప్రయాణంలో ఆరో రాత్రి దాకా ఆ ముడీ విప్పలేదు, ముడిచిన మూతీ విప్పలేదు.

రాత్రి భోజనానికి ఓడలో రెండు పంక్తులు. మాకు రెండోది పడింది. రెండో పంక్తి అనగానే కోనసీమ వాడికి గుండె గుభేలుమంటుంది. అప్పటికి పనసపొట్టు కూర అయిపోయి, పులుసులో ముక్కలు అడుగంటి ఉంటాయి కదా. ఇక్కడ ఆ భయం లేదు గానీ, వరసే తిరగబడింది. మన విస్తట్లో ముందు పడేది తీపి. వీళ్ళు సూపుతో మొదలెట్టి, ఆకులూ అలములూ పెట్టి, గంటన్నర కూర్చోబెట్టాక అప్పుడు తీపి మాట ఎత్తుతారు. మా బల్లకి వడ్డించేవాడు బాలీ కుర్రాడు. గుడ్డు తినదు, చేప తినదు అని మొదటి రోజే మా ఆవిడ సంగతి కంఠతా పట్టేశాడు. వాడి పైన ఉండే కేరళ పెద్దమనిషి రెండోరోజు నుంచి పప్పూ అన్నమూ పంపడం మొదలెట్టాడు. అంచేత వంటవాళ్ళ మీద ఆవిడకే కోపమూ లేదు. కోపమల్లా తనిఖీవాళ్ళ మీదే.

ఆరో రాత్రి, భోజనం సగంలో ఉండగా దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి.

"ఏమండీ, ఓడలో కూడా కరెంటు తీస్తారా?" అంది మా ఆవిడ.

నేను జవాబు చెప్పేలోపే పాట మొదలైంది. మోంసెరాట్ అనే బుల్లి కరీబియన్ దీవి గాయకుడు యారో 1982లో పాడిన 'హాట్ హాట్ హాట్' అది. ఆ డప్పులకి కూర్చున్నవాడి మోకాలు దానంతటదే ఆడుతుంది. వంటింటి తలుపులు తెరుచుకున్నాయి. వడ్డనవాళ్ళు బారులు తీరి బయటికొచ్చారు. ఒక్కొక్కడి చేతిలో, కొందరి నెత్తిన, తెల్లటి గోపురం లాంటి మిఠాయి. ఆ గోపురం మీద దీపం. అచ్చం బోనాల ఊరేగింపే. బల్లల మధ్య నాట్యమాడుతూ తిరుగుతున్నారు. డెబ్భై దాటిన దొరలూ దొరసానులూ చేతిరుమాళ్ళు నెత్తిమీద గిరగిరా తిప్పుతున్నారు. ఇది ఇక్కడి ఆచారమట.

మా ఆవిడ మాత్రం దీపాలనే చూస్తోంది.

"నా అగరొత్తులు పనికిరాలేదుగానీ, వీళ్ళ దీపాలు పనికొచ్చాయా?" అని లేచి, కొంగుముడి విప్పి, చీటీ పైకెత్తి పట్టుకుని, ఊరేగింపుకి అడ్డంగా వెళ్ళింది. నిలదీద్దామని ఆవిడ ఉద్దేశం. చీటీ ఊపడం చూసి, పాపం రుమాలు దొరక్క కాగితం ఊపుతోందనుకున్నారు వాళ్ళు. బాలీ కుర్రాడు సంబరంగా ఆవిణ్ణి వరసలోకి లాగేశాడు. పెళ్ళయిన నలభై ఏళ్ళలో మా ఆవిడ నాట్యం చెయ్యగా నేను చూడలేదు. ఇప్పుడూ చేసిందనలేను, కానీ నడకలో ఏదో తేడా వచ్చింది. రెండు చుట్లయ్యాక ఆయాసపడుతూ వచ్చి కూర్చుని, రహస్యం చెప్పినట్టు నా చెవిలో చెప్పింది. "వేలు పెట్టి చూశానండీ. కాలలేదు. బ్యాటరీ దీపాలు!"

ఒకప్పుడు వీటిమీద సారా పోసి నిజంగానే అంటించేవారట. నడిసముద్రంలో మంట అంటుకుంటే పరిగెత్తడానికి వీధంటూ ఉండదు కాబట్టి ఇలా బ్యాటరీల్లోకి దిగారు.

దీపాలొచ్చాక ఇంకో చిత్రం గమనించాను. ఊరేగిన మిఠాయిలన్నీ తిన్నగా వంటింట్లోకి వెళ్ళిపోయాయి. మా పళ్ళేల్లోకి వచ్చినవి లోపల ఎప్పుడో కోసి ఉంచిన ముక్కలు. అంటే ఊరేగింది ఉత్సవవిగ్రహం, మాకు దక్కింది మూలవిరాట్టు ప్రసాదం.

దాని పేరు 'బేక్డ్ అలాస్కా'. అడుగున కేకు, దానిమీద ఐస్‌క్రీం, పైన గుడ్డు తెల్లసొనలో పంచదార వేసి గిలక్కొట్టిన నురగ. దాన్ని మండే పొయ్యిలో పెట్టి పైన ఎర్రగా కాలుస్తారు, లోపల ఐస్‌క్రీం కరగదు. నురగ బుడగల్లో చిక్కిన గాలి వేడిని లోపలికి పోనివ్వదు. మా చిన్నప్పుడు ఐసుగడ్డని రంపప్పొట్టులో కప్పి, గోనెపట్ట చుట్టి తెచ్చేవారు చూడండి, ఆ కిటుకే. పొట్టు బదులు గుడ్డు. అమెరికా 1867లో రష్యా దగ్గర 72 లక్షల డాలర్లకి అలాస్కా కొన్న ముచ్చట ఈ పేరులో ఉంది. న్యూయార్కు డెల్మోనికో హోటల్లో పెద్ద వంటవాడు చార్లెస్ రాన్‌హోఫర్ 1894లో వేసిన తన లావుపాటి వంటల పుస్తకంలో దీన్ని 'అలాస్కా, ఫ్లోరిడా' అన్నాడు. ఫ్లోరిడాలో ఓడెక్కి అలాస్కా తింటున్న నాకు ఆ పేరే నచ్చింది. బయట వేడిగా, లోపల ఇంకో లోకంగా ఉండే మిఠాయి మనకీ ఉంది. కానీ వేలితో చిల్లు పొడిచి నెయ్యి పోసుకునే పూర్ణం బూరెని నెత్తినెట్టుకుని ఊరేగిన వడ్డనవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

"ఫ్రెంచివాళ్ళు దీన్ని నార్వే ఆమ్లెట్ అంటారు నాన్నా" అన్నాడు మా అబ్బాయి. ఆమ్లెట్ మాట చెవిన పడగానే మా ఆవిడ తన పళ్ళెం నా వైపు జరిపేసింది. ఆవిడకి పళ్ళముక్కలొచ్చాయి. నేను రెండు అలాస్కాలు జయించాను.

అగరొత్తుల చీటీ ఆ ఊరేగింపులో ఎక్కడో జారిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. గొడవ చేస్తుందనుకున్నాను, మాట్లాడలేదు.

దిగే రోజు తెల్లారగట్ల మెలకువొచ్చేసరికి, గదిలో జేబు సైజు వెంకటేశ్వరస్వామి పటం ముందు చిన్న దీపం మినుకుమినుకుమంటోంది. బాలీ కుర్రాడు ఇచ్చాడట. సంచులు సర్దుతూ, అడుగున ఉన్న మీట నొక్కబోయాను.

"దీపం ఆర్పకూడదండీ" అని మా ఆవిడ నా చేతిలోంచి లాక్కుంది. "దానంతటదే కొండెక్కాలి."

అట్లాంటాలో మా అబ్బాయి ఇల్లు చేరేదాకా, చీరల మడతల్లో అది వెలుగుతూనే ఉంది.